ఇంటి దగ్గర ఇంజిన్ పని - మూడో పాఠం: హెడ్డు దించడం, వంపు కొలవడం

ఆయిల్ మూత కింద మీగడలాంటి నురగ, రేడియేటర్‌లో ఆగకుండా లేచే బుడగలు, ఎంతసేపు నడిపినా తగ్గని తెల్లపొగ. వీటిని బట్టి హెడ్ గాస్కెట్ (సిలిండర్ల పైన మూతలా కూర్చునే హెడ్డుకూ, కింది బ్లాకుకూ నడుమ ఉండే పలుచని పొర) పోయిందని కిందటి పాఠంలో తేల్చుకున్నాం. ఇప్పుడు హెడ్డు దించుదాం.

ఈ రోజు నడిపిన బండి మీద ఈ రోజు పానా పెట్టకండి. విజయవాడ మే నెల ఎండలో, నీడన నిలిపిన ఇంజిను కూడా సాయంత్రానికి పూర్తిగా చల్లారదు. రాత్రంతా వదిలేసి, తెల్లవారాక మొదలుపెట్టండి. పాత మారుతీ 800 వంటి బండ్లలో బ్లాకు పోత ఇనుము, హెడ్డు అల్యూమినియం. 40 సెంటీమీటర్ల ముక్క 100 డిగ్రీలు వేడెక్కితే అల్యూమినియం దాదాపు 0.9 మిల్లీమీటర్లు సాగుతుంది, ఇనుము అందులో సగమే. పొంగిన హెడ్డును బోల్టులు కదలనివ్వవు. పక్కకు దారి లేక లోహం నడుమ ఉబ్బి, చల్లారాక ఆ వంపుతోనే మిగిలిపోతుంది. వేడి మీద బోల్టులు వదిలితే ఆ వంపును మన చేతులతో మనమే పెంచినట్టు అవుతుంది.

బ్యాటరీ నెగటివ్ తీగ తీయండి. కూలెంట్‌ను వెడల్పాటి బేసిన్‌లోకి వదలండి. అది తియ్యగా ఉండే విషం, కుక్కలూ పిల్లలూ రుచి చూస్తారు కాబట్టి వెంటనే మూత ఉన్న డబ్బాలో పోయండి. ఎయిర్ ఫిల్టర్, గొట్టాలు, వైర్లు, సైలెన్సర్ వైపు నట్లు ఒక్కొక్కటే విప్పుతూ, ప్రతిదానికీ ముందు ఫోనుతో ఒక ఫొటో తీసుకోండి. టైమింగ్ బెల్టు (పిస్టన్లు తిప్పే క్రాంక్‌ను, వాల్వులు తెరిచే క్యామ్‌ను కలిపే బెల్టు) తీసే ముందు మాత్రం ఆగాలి. క్రాంక్ పుల్లీ, క్యామ్ పుల్లీ గుర్తులు రెండూ ఇంజిను మీద ఉన్న తమ తమ గుర్తులకు ఎదురుగా వచ్చేవరకు ఇంజినును తిప్పి, ఆ తర్వాతే బెల్టు వదలండి. బెల్టు తీశాక క్రాంక్‌ను తిప్పితే చాలా ఇంజిన్లలో పిస్టన్ వెళ్లి వాల్వును గుద్దుతుంది.

దారిలో థర్మోస్టాట్ (నీటి వేడిని బట్టి తెరుచుకునే వాల్వు) కనిపిస్తుంది. మన ఎండలకు ఇది అక్కర్లేదని పీకి పారేసే అలవాటు మన దగ్గర బలంగా ఉంది. నేను దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తాను. కొన్ని ఇంజిన్లలో ఆ వాల్వే పక్కదారిని మూసి వేడినీటిని రేడియేటర్ వైపు మళ్లిస్తుంది. అది లేకపోతే కొంత నీరు చల్లబడకుండానే మళ్లీ ఇంజిన్లోకి తిరుగుతుంది. పాతది పోతే కొత్తది వేయండి.

ఇక హెడ్ బోల్టులు. బిగించేటప్పుడు నడుమ నుంచి చివరలకు వెళ్తాం, విప్పేటప్పుడు చివరల నుంచి నడుమకు రావాలి. ఒక్కో బోల్టును ఒకేసారి పూర్తిగా విప్పేయకూడదు. పావు చుట్టు చొప్పున అన్నిటినీ చుట్టబెడుతూ మూడు నాలుగు విడతల్లో వదలండి. బోల్టులన్నీ వచ్చాక కూడా హెడ్డు కదలకపోవచ్చు. స్క్రూడ్రైవర్‌ను సందులో దూర్చి పైకి లేపకండి, అక్కడ పడిన గీత గుండానే రేపు నీరు కారుతుంది. చెక్క ముక్కను అడ్డం పెట్టి పక్కల నుంచి సుతారంగా తట్టండి. ఊడాక ఇద్దరు పట్టి పైకెత్తి, రెండు చెక్కల మీద పడుకోబెట్టండి, సిమెంటు గచ్చు మీద వద్దు.

గాస్కెట్ ముక్కలను ప్లాస్టిక్ గీకుడు పుల్లతో తీయండి. డ్రిల్లుకు తగిలించే గరుకు చక్రాలు అల్యూమినియాన్ని తినేస్తాయి, వాటి పొడి ఆయిల్ దారుల్లో చేరి బేరింగులను అరగదీస్తుంది.

ఈ పాఠంలో అసలు పని ఇక్కడే ఉంది. నిఖార్సైన ఉక్కు సరళాంచు పట్టీని హెడ్డు ముఖం మీద అంచున నిలబెట్టండి. పొడవునా, అడ్డంగా, రెండు మూలల నుంచి ఏటవాలుగా, అన్ని దిక్కులా చూడాలి. వెనుక టార్చి వెలిగిస్తే సిలిండర్ల నడుమ సన్నటి వెలుగు గీత కనబడుతుంది. అక్కడ 0.05 మిల్లీమీటర్ల ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని ఉక్కు రేకు) దూర్చండి. అంటే నోటుపుస్తకం కాగితంలో దాదాపు సగం మందం. చిన్న కార్ల ఇంజిన్లలో చాలావాటికి వంపు హద్దు ఇంచుమించు అంతే, మీ బండి సర్వీసు పుస్తకం చెప్పే అంకెనే నమ్మండి. గేజ్ సులువుగా జారిందంటే కొత్త గాస్కెట్ ఎంత ఖరీదైనదైనా నిలవదు. ఇదే పట్టీని బ్లాకు మీదా పెట్టి చూడండి. వాల్వుల మధ్య, స్పార్క్ ప్లగ్ రంధ్రం దగ్గర వెంట్రుక పగుళ్లు ఉన్నాయేమో భూతద్దంతో వెతకండి.

వంపు ఉంటే హెడ్డును గుడ్డలో చుట్టి ఆటోనగర్‌కు తీసుకెళ్లండి. ఫేసింగ్ (ముఖాన్ని చెక్కి చదును చేయడం) చేసే షాపులో ముందుగా ప్రెషర్ టెస్టు (ఒత్తిడి పెట్టి పగుళ్లు కనిపెట్టే పరీక్ష) అడగండి. పగిలిన హెడ్డుకు ఫేసింగ్ డబ్బు దండగ. ఇంకో విషయం చాలామంది అడగరు: క్యామ్ షాఫ్ట్ హెడ్డులోనే తిరిగే ఇంజినైతే, కింది ముఖంతో పాటు క్యామ్ కూర్చునే గదులు కూడా వంగి ఉండవచ్చు. రాకర్లు (క్యామ్ కదలికను వాల్వులకు అందించే మీటలు) తీసేసి క్యామ్‌ను చేత్తో తిప్పి చూపించమనండి. ఎక్కడైనా పట్టేస్తే కింద చదును చేయడం ఒక్కటే సరిపోదు. ఎంత మందం తీశారో అంకె రాయించుకోండి, గాస్కెట్ ఎంపికలో అది కావాలి.

హెడ్డు షాపులో ఉన్నప్పుడు బ్లాకులోని బోల్టు రంధ్రాలను గుడ్డతో, గాలితో పొడిగా చేయండి. అడుగున ఆయిలో నీరో మిగిలితే, బోల్టు బిగిస్తున్నప్పుడు ఆ ద్రవానికి పోయే దారి లేక బ్లాకే పగలవచ్చు. సిలిండర్లలో శుభ్రమైన గుడ్డలు కుక్కి, పైన పాలిథిన్ కప్పండి. బోల్టులు మళ్లీ వాడవచ్చా, కొత్తవి కొనాలా, ఏ వరుసలో ఎంత బిగించాలి అన్నవి నాలుగో పాఠంలో.