ఫ్రాన్సు చదును పల్లెల్లో రద్దీ లేని సైకిలు దారులు: తిరుపతి సైకిలిస్టులకు ఒక మార్గదర్శిని

తిరుపతిలో సైకిలు తొక్కే మనకు ప్రశాంతమైన రోడ్డు గంటన్నరకు మించి దొరకదు. తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరి, పాపానాయుడుపేట మీదుగా గుడిమల్లం చేరి, పరశురామేశ్వరుణ్ణి దర్శించుకుని తిరిగి వచ్చేసరికి రేణిగుంట రోడ్డు మీద లారీల వరుస మొదలవుతుంది. ఫ్రాన్సులోని చదును నేలల్లో ఆ గంటన్నరను రోజంతా పొడిగించుకోవచ్చు. అయితే లారీలు తిరిగే రోడ్లు అక్కడా ఉన్నాయి కనుక, నిశ్శబ్దం పటం చదవడం నేర్చుకున్నవారికే దొరుకుతుంది. అందువల్ల దారి ఎంపిక గురించే ఇక్కడ ఎక్కువగా చెబుతాను.

ఫ్రాన్సులో రోడ్డు పేరులోని మొదటి అక్షరం దాని స్థాయిని తెలుపుతుంది. ‘ఎ’ అంటే ఎక్స్‌ప్రెస్ మార్గం. సైకిలుకు అక్కడ ప్రవేశం లేదు. ‘ఎన్’ జాతీయ రహదారి. ‘డి’ అంటే మన జిల్లా వంటి పరిపాలనా విభాగమైన డిపార్ట్‌మెంట్ నిర్వహించే రోడ్డు. ‘డి’ కనబడగానే ప్రశాంతమైన దారి అనుకోవడం కొత్తగా వెళ్లినవారు చేసే పొరపాటు. 2006 ప్రాంతంలో చాలా జాతీయ రహదారులను డిపార్ట్‌మెంట్లకు అప్పగించినప్పుడు వాటి పేరులో ‘ఎన్’ పోయి ‘డి’ వచ్చిందే తప్ప, వాటి మీది రద్దీ తగ్గలేదు. ఓర్లియాన్ నగరం గుండా పోయే పాత ఎన్ 20 ఇప్పుడు డి 2020. అంకె 900ల్లోనో 2000ల్లోనో ఉంటే అది పాత జాతీయ రహదారి కావచ్చునని అనుమానించి పక్కన పెట్టడం మేలు.

ఫోను పటం కంటే ముందు మిషెలిన్ సంస్థ వేసే కాగితపు పటాన్ని పరచుకోవాలని నా సలహా. 1:2,00,000 స్కేలులో ఒక సెంటీమీటరు రెండు కిలోమీటర్లకు సమానం కాబట్టి ఒక రోజు ప్రయాణమంతా చూపుకు ఒకేసారి అందుతుంది. అందులో ఎరుపు రంగువి పెద్ద రోడ్లు, పసుపువి రెండో స్థాయివి, తెలుపువి పల్లె రోడ్లు. మనకు కావలసినవి తెల్లవి. వాటిలోనూ ఒక తేడా ఉంది. రెండు పట్టణాలను నేరుగా కలిపే తెల్ల రోడ్డు ఉద్యోగాలకు వెళ్లే వేళల్లో అడ్డదారిగా మారిపోతుంది. అదే వంకరలు తిరుగుతూ నాలుగు పల్లెలను తాకిపోయే దారిలో ఆ ఊళ్ల ట్రాక్టర్లు, పోస్టు బండి తప్ప పెద్దగా ఏమీ కనిపించవు. దూరం పది కిలోమీటర్లు పెరిగినా రెండోదాన్నే ఎంచుకోవాలి.

మోటారు వాహనాలు అసలే వద్దనుకునేవారికి ‘వ్వా వెర్త్’ అనే పచ్చ దారులు ఉన్నాయి. వీటిలో చాలావరకు మూతపడిన రైలు మార్గాల మీదనో, ఒకప్పుడు గుర్రాలు పడవలను లాగుతూ నడిచిన కాలువగట్ల మీదనో వేసినవే. రైలింజను ఎక్కలేని ఏటవాలు ఆ దారిలో సైకిలుకూ ఎదురు కాదు. కాలువ పక్కన అయితే లాకుల దగ్గర చిన్న ఎత్తు తప్ప మిగిలినదంతా నీటిమట్టంలాగే చదునుగా ఉంటుంది. బర్గండీలో జివ్రీ నుంచి క్లూనీ దాకా 44 కిలోమీటర్ల పాత రైలు మార్గం మీద 1997లో తెరిచినది ఫ్రాన్సులో మొట్టమొదటి పచ్చ దారి. బోర్దో దగ్గర సోవ్‌తేర్ ద గియెన్ వైపు వెళ్లే మరో పాత రైలు దారికి, 1937లో టూర్ ద ఫ్రాన్స్ సైకిలు పందెం గెలిచిన రోజె లపెబీ పేరు పెట్టారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది గరోన్ కాలువగట్టు. తులూజ్ నుంచి బోర్దో వైపు సాగే ఈ కాలువ పొడవు 193 కిలోమీటర్లు; గట్టు మీద సన్న టైర్ల రోడ్డు సైకిలుకు కూడా సరిపోయే నున్నని దారి ఉంది. ఆజాఁ పట్టణం దగ్గర కాలువే ఒక రాతి వంతెన ఎక్కి గరోన్ నదిని దాటుతుంది. 539 మీటర్ల ఆ వంతెన మీద, కింద నది పారుతుండగా, పడవ పక్కనే సైకిలు మీద సాగడం జీవితంలో ఒకసారైనా అనుభవించవలసినది. గోదావరి జిల్లాల లాకులు చూసినవారికి ఆ గట్టు మీద పరాయిదేశంలో ఉన్నట్టే అనిపించదు. తులూజ్‌కు ఆవల, 1666లో పియెర్ పోల్ రికే పర్యవేక్షణలో మొదలై 1681లో పూర్తయిన కనాల్ దు మిది అనే కాలువ పేరు ఎక్కువగా వినిపిస్తుంది. కాని అక్కడ కొంత దూరం పోయాక మట్టి దారులు, చెట్ల వేళ్లు ఎదురవుతాయి కనుక సన్న టైర్లతో వెళ్లవద్దు. పచ్చ దారుల్లో నడిచేవారికే మొదటి హక్కు. వాహనాలు రాకుండా మలుపుల్లో పాతిన గుంజలను చూసుకుని వేగం తగ్గించాలి.

మొదటి యాత్రకు లువార్ నది లోయ అనువైనది. సుమారు 900 కిలోమీటర్ల ‘లువార్ ఆ వేలో’ మార్గంలో గుర్తు పలకలు బాగుంటాయి. దారి పొడవునా బస, సైకిలు భద్రపరిచే చోటు ఉన్నాయని తెలిపే ‘అక్యై వేలో’ గుర్తు గల వసతులు కనిపిస్తాయి. చాలామంది నదితోపాటు పడమటికి, సముద్రం వైపు తొక్కుతారు. నేను దానికి ఎదురు దిశను సూచిస్తాను. అక్కడ గాలి తరచుగా పడమటి నుంచి, అట్లాంటిక్ వైపు నుంచి వీస్తుంది. తూర్ పట్టణం నుంచి ఓర్లియాన్ దాకా నదికి ఎదురుగా వెళ్లినా మొత్తం మీద ఎక్కవలసిన ఎత్తు సుమారు 50 మీటర్లే. ఆ కాస్త ఎత్తు కాలికి తెలియదు. ఎదురుగాలి మాత్రం పూటంతా తెలుస్తుంది. పారిస్ నుంచి రైలులో తూర్ చేరి, ఆంబ్వాజ్, బ్లువా మీదుగా మూడు రోజుల్లో ఓర్లియాన్ చేరి, మళ్లీ రైలెక్కడం ఎవరికైనా సాధ్యమైన పథకం. ప్రాంతీయ రైళ్లు సైకిళ్లను ఎక్కించుకుంటాయి. వేసవిలో కొన్నింటిలో సైకిలుకూ ముందుగా చోటు రిజర్వు చేయవలసి ఉంటుంది.

గాలి గురించి ఇంకొంచెం చెప్పాలి. మన దగ్గర కష్టమంటే ఘాట్ రోడ్డు. చదును నేలలో ఆ స్థానం గాలిది. షార్త్ర్ చుట్టూ ఉన్న బోస్ మైదానంలో కంచెలు, తోపులు లేని గోధుమ పొలాల మీద గాలికి అడ్డే లేదు. దూరాన షార్త్ర్ చర్చి శిఖరాలు కనిపిస్తూనే ఉంటాయి, గంట తొక్కినా దగ్గర కావు. పైగా కొండ దారిలో దిగుడులో కాళ్లకు విశ్రాంతి దొరుకుతుంది, చదునులో అది లేదు. ఒకే భంగిమలో మూడు గంటలు కూర్చోవడం వల్ల అరచేతులు తిమ్మిరెక్కుతాయి, నడుము పట్టేస్తుంది. కాబట్టి అలిపిరి వైపు ఎత్తులెక్కడం కొన్నాళ్లు ఆపి, సూళ్లూరుపేట నుంచి పులికాట్ సరస్సు మధ్యగా అటకానితిప్ప వైపు సాగే రోడ్డు మీద అభ్యాసం చేయాలి. నీడ, మలుపు, ఎత్తు లేని ఆ దారిలో గాలికి ఎదురుగా తేలికైన గేరులో, పెడల్ ఆపకుండా తొక్కడం అలవాటు చేసుకోవాలి. పావుగంటకోసారి జీను మీంచి లేచి నిలబడి, చేతులు పట్టే చోటు మార్చుకోవాలి.

ఫ్రాన్సులో వాహనాలు కుడి వైపున నడుస్తాయి. పట్టణంలో మిగతా బండ్లను చూసి ఎలాగూ కుడికే వెళ్తాము. ప్రమాదమంతా ఖాళీ రోడ్డు మీదే. చెట్టు కింద ఆగి, నీళ్లు తాగి తిరిగి బయలుదేరినప్పుడు మన అలవాటు మనను ఎడమకు లాగుతుంది, గుర్తుచేయడానికి ఒక్క బండీ ఉండదు. నేను హ్యాండిల్ కుడి కొనకు ఎర్రదారం కట్టుకుని, బయలుదేరిన ప్రతిసారీ దాన్ని చూసుకునేవాడిని. పల్లెల్లో గుర్తు పలక లేని కూడలి వద్ద కుడి చేతి వైపు నుంచి వచ్చే బండికే ముందు దారి ఇవ్వాలి. అది చిన్న సందు నుంచి వచ్చినా అంతే. అద్దె సైకిలు అయితే ఏ చేతి బ్రేకు ఏ చక్రానిదో ముందే పరీక్షించండి. అక్కడ చాలావరకు ముందు చక్రం బ్రేకు ఎడమ చేతికి ఉంటుంది. గంట, దీపాలు తప్పనిసరి. చెవిలో ఇయర్‌ఫోన్లు నిషిద్ధం. రాత్రి ఊరి బయట మెరిసే జాకెట్ వేసుకోవాలి.

మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా పల్లెలన్నీ భోజనాలకు కూర్చుంటాయి. ఆ రెండు గంటలు రోడ్లు దాదాపు నిర్మానుష్యంగా ఉంటాయి, తొక్కడానికి అంతకంటే మంచి వేళ లేదు. అయితే అంగళ్లు కూడా అప్పుడు మూసివేస్తారు. పదకొండున్నర లోపే బ్రెడ్డు, చీజు, పండ్లు కొని సంచిలో పెట్టుకోవాలి. ఆదివారం మధ్యాహ్నం, సోమవారం చాలా అంగళ్లు తెరవరు. కొట్టులోకి వెళ్లగానే, ఏం కావాలో అడిగే ముందు ‘బోఁజూర్’ అని పలకరించకపోతే అమర్యాదగా భావిస్తారు. శాకాహారులు ఇంటి నుంచి ఒక చిన్న సీసా కారప్పొడి తీసుకువెళ్తే, వారం రోజుల బ్రెడ్డు భోజనం తేలికవుతుంది.

నీళ్ల విషయంలో మనవారికి మొదట మనసొప్పని ఉపాయం ఒకటుంది: చాలా పల్లెల్లో శ్మశానం గేటు దగ్గర, సమాధుల మీది పూలకు పోయడానికి కుళాయి ఉంటుంది. ఫ్రాన్సులో చాలామంది సైకిలు యాత్రికులు అక్కడే సీసాలు నింపుకుంటారు. ‘ఓ నాఁ పొతాబ్ల్’ అనే పలక ఉంటే మాత్రం ఆ నీరు తాగరాదు. ఆ మూడు మాటలను రోమన్ అక్షరాల్లో గుర్తుపట్టడం ముందే నేర్చుకోండి.

మే, జూన్, సెప్టెంబర్ నెలలు అనువైనవి. జూన్‌లో రాత్రి దాదాపు పది దాకా వెలుతురు ఉంటుంది. ఫ్రాన్సు వెళ్లడానికి కావలసిన షెంగెన్ వీసా దరఖాస్తును చెన్నైలోగాని హైదరాబాదులోగాని ఇవ్వవచ్చు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే తీసుకుంటారు; కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. సైకిలు మరమ్మతు కొట్లు కూడా ఆది, సోమవారాల్లో మూసి ఉండవచ్చు కనుక రెండు ట్యూబులు, పంపు, చైను లింకు వెంట ఉంచుకోండి. ప్రతి రాత్రీ పడుకునే ముందు పటం మీద మరుసటి రోజు బ్రెడ్డు దొరికే ఊరిని, నీరు దొరికే ఊరిని, గాలి దిశను పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి.