విపత్తు నిర్వహణ డిగ్రీలో చేరే ముందు విద్యార్థుల అనుభవాలను ఎలా బేరీజు వేసుకోవాలి?

ఒకే విశ్వవిద్యాలయంలో, ఒకే ఏడాది విపత్తు నిర్వహణ డిగ్రీ పూర్తి చేసిన ఇద్దరిని కదిపి చూడండి. ఆ చదువు వల్లే పదోన్నతి వచ్చిందని ఒకరు చెబుతారు. పట్టా చేతికొచ్చినా ఇంటర్వ్యూకు పిలిచేవారే లేరని మరొకరు వాపోతారు. ఇద్దరి మాటా నిజమే కావచ్చు. చదివిన పాఠాలు ఒకటే, చెప్పిన అధ్యాపకులూ వారే. చేరేనాటికి ఎవరి చేతిలో ఏ పని ఉందన్న దగ్గరే దారులు వేరవుతాయి. ఈ సంగతి మరిచిపోయి అభిప్రాయాలు చదివితే పొగడ్తా దారి తప్పిస్తుంది, తెగడ్తా దారి తప్పిస్తుంది.

ఎందుకిలా అన్నది ఈ రంగం చరిత్రలోనే ఉంది. అమెరికాలో విపత్తుల సమాఖ్య సంస్థ ఫెమా 1979లో ఏర్పడింది. ఎమర్జెన్సీ మేనేజ్‌మెంట్ అని అక్కడ పిలిచే ఈ విషయంలో ఆ దేశపు తొలి బ్యాచిలర్ డిగ్రీని నార్త్ టెక్సస్ విశ్వవిద్యాలయం 1983లో మొదలుపెట్టింది. ఉద్యోగం ముందు పుట్టింది, దానికి తగిన చదువు వెనక వచ్చింది. అగ్నిమాపక దళం, పోలీసు శాఖ, సైన్యం, అంబులెన్స్ సేవల నుంచి వచ్చినవారే ఈ బాధ్యతలను చాలాకాలం మోశారు. నేటికీ నియామకాలు జరిపేవారిలో అలాంటివారు ఎందరో ఉన్నారు. ఎదుట కూర్చున్న అభ్యర్థిని వారు ఏం చదివావని కాక, ఏ విపత్తులో ఏం చేశావని అడుగుతారు.

1. మాట్లాడుతున్నది ఎవరో ముందు తేల్చుకోండి

ఈ డిగ్రీ చదివేవారు స్థూలంగా మూడు రకాలు. ఫైర్ సర్వీసులోనో పారామెడిక్‌గానో పనిచేస్తూ చదివేవారు మొదటి రకం. వారికి అనుభవం ఉంది, పై మెట్టు ఎక్కడానికి పట్టా కావాలి. వారి మెప్పు సహజం. రెండో రకం పాఠశాల ముగియగానే నేరుగా చేరినవారు. వారికి పట్టా దొరుకుతుంది, అనుభవం దొరకదు. నిరాశ ఎక్కువగా వినిపించేది ఇక్కడినుంచే. నర్సింగ్, బోధన, రవాణా వంటి రంగాల నుంచి దారి మార్చుకోవాలని వచ్చినవారు మూడో రకం. ఆసుపత్రిలోనో గోదాముల నిర్వహణలోనో గడిపిన ఏళ్లకు విపత్తు రంగంలో ఎంత విలువ ఉందో కోర్సు మధ్యలో గానీ వారికి తెలియదు. నా దృష్టిలో అందరికన్నా ఉపయోగపడే మాటలు వీరివే, ఎందుకంటే డిగ్రీ ఏమిచ్చిందో, పాత పని ఏమిచ్చిందో వీరు విడదీసి చెప్పగలరు.

ఒక అభిప్రాయం చదవగానే పక్కన రాసుకోండి: చేరేనాటికి వయసు ఎంత, పని ఏమిటి, ఫీజు ఎవరు కట్టారు. యజమాని ఫీజు కట్టిన చదువునూ అప్పు చేసి చదివిన చదువునూ ఒకే తూకంతో కొలవలేం. ఈ మూడూ తెలియని అభిప్రాయం ఎంత ఆవేశంగా ఉన్నా దాన్ని పక్కన పెట్టండి. తర్వాత, మీ పరిస్థితికి దగ్గరగా ఉన్నవారి మాటలను మాత్రమే మరోసారి చదవండి.

2. ‘అంతా సిద్ధాంతమే’ అన్న ఫిర్యాదును విడదీసి చూడండి

అన్నిచోట్లా వినిపించే ఫిర్యాదు ఇది. సైరన్లు, హెలికాప్టర్లు, సహాయక చర్యలు ఊహించుకుని వచ్చినవారికి మొదటి సెమిస్టర్‌లో సమాజ శాస్త్రం, ప్రభుత్వ విధానం, చట్టాలు ఎదురవుతాయి. వారి నిరుత్సాహం అర్థం చేసుకోదగ్గదే. కానీ ఈ చదువు నాలుగు దశల మీద నిలబడింది: ముప్పు తగ్గింపు, సన్నద్ధత, స్పందన, పునరుద్ధరణ. టీవీలో కనిపించేది మూడోది ఒక్కటే. ఉద్యోగంలో ఎక్కువ కాలం గడిచేది మిగిలిన మూడింటితో: ప్రణాళికలు రాయడం, నిధులకు దరఖాస్తు చేయడం, ఒకరి మాట ఒకరు వినని శాఖలను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడం.

ఇక సమాజ శాస్త్రం ఎందుకంటారా? విపత్తుల అధ్యయనం పుట్టిందే అక్కడ. 1917 డిసెంబర్‌లో కెనడాలోని హాలిఫాక్స్ రేవులో మందుగుండు ఓడ పేలి నగరంలో పెద్ద భాగం నేలమట్టమైంది. ఆ నగరం ఎలా చెదిరింది, మళ్లీ ఎలా కూడదీసుకుంది అన్న అంశంపై శామ్యూల్ ప్రిన్స్ చేసిన పరిశోధనను ఈ రంగంలో తొలి అడుగుగా భావిస్తారు. 1963లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో సమాజ శాస్త్రవేత్తలు విపత్తు పరిశోధన కేంద్రాన్ని స్థాపించారు. అది 1985లో డెలావేర్ విశ్వవిద్యాలయానికి మారింది. ఇలాంటి పరిశోధనలు తేల్చినవాటిలో ముఖ్యమైనది ఇది: విపత్తు వేళ జనం గుంపులుగా వెర్రెత్తి పరుగెత్తడం చాలా అరుదు. శిథిలాల్లోంచి బాధితులను మొదట బయటికి లాగేది ఇరుగుపొరుగువారే. ఇది తెలియని అధికారి, జనం కంగారుపడతారన్న భయంతో హెచ్చరికను ఆలస్యం చేస్తాడు. ఆ ఆలస్యానికి మనుషులు చనిపోతారు. కాబట్టి సిద్ధాంతం ఎక్కువైందన్న మాట వినగానే ఆ కోర్సును కొట్టిపారేయకండి.

అలాగని ఫిర్యాదు పూర్తిగా తప్పు కాదు. సిద్ధాంతాన్ని చేతల్లోకి దించని కోర్సులు ఉన్నాయి. వారం వారం చర్చా వేదికలో నాలుగు పేరాలు రాయడం, తోటివారి రాతలకు రెండు వ్యాఖ్యలు జోడించడం, సెమిస్టర్ చివర ఒక వ్యాసం ఇవ్వడం, అంతటితో సరి. ఏది ఎలాంటిదో తెలుసుకోవాలంటే పూర్వ విద్యార్థులను సూటిగా అడగండి. నిజమైన ఒక పట్టణానికో సంస్థకో విపత్తు ప్రణాళిక రాశారా? బల్ల చుట్టూ కూర్చుని ఒక ఊహాజనిత ప్రమాదాన్ని గంటగంటకూ ఎదుర్కొనే టేబుల్‌టాప్ కసరత్తు చేశారా? దాన్ని స్వయంగా రూపొందించారా? పూర్తి స్థాయి మాక్ డ్రిల్‌లో పాల్గొని, తర్వాత లోపాలను విశ్లేషిస్తూ నివేదిక రాశారా? మ్యాపుల సాఫ్ట్‌వేర్ జీఐఎస్‌తో వరద ముంపు ప్రాంతాలను గుర్తించారా? వీటిలో ఒక్కదానికైనా అవునన్న జవాబు రాకపోతే ఆ ఫిర్యాదు న్యాయమైనదే.

3. డబ్బు కట్టే ముందు విషయాన్ని రుచి చూడండి

ఇతరుల అభిప్రాయాలను తూచడానికి మీకంటూ కొంత అవగాహన ఉండాలి. అది ఉచితంగానే దొరుకుతుంది. ఫెమా స్వయం అధ్యయన కోర్సుల్లో ఐఎస్-100, ఐఎస్-200, ఐఎస్-700, ఐఎస్-800 అన్నవి ఈ రంగంలో అందరూ మొదట చదివేవి. రెడ్ క్రాస్, రెడ్ క్రెసెంట్ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య కూడా ఆన్‌లైన్‌లో ఉచిత పాఠాలు అందిస్తోంది. వీటిలో ఇన్సిడెంట్ కమాండ్ సిస్టమ్ గురించి, అంటే విపత్తు వేళ ఎవరు ఎవరి ఆదేశంతో పనిచేయాలో చెప్పే పద్ధతి గురించి, శ్రద్ధగా చదవండి. 1970లో కాలిఫోర్నియాను కార్చిచ్చులు చుట్టుముట్టినప్పుడు అనేక సంస్థలు ఒకరి భాష ఒకరికి అర్థంకాక, ఎవరి ఆదేశం ఎవరు పాటించాలో తెలియక తల్లడిల్లాయి. ఆ అనుభవం నుంచి ఈ పద్ధతి పుట్టింది. కమాండ్, ఆపరేషన్స్, ప్రణాళిక, సరఫరాలు, ఆర్థికం అన్న అయిదు విభాగాలు, ఒక్కో పర్యవేక్షకుడి కింద ముగ్గురు నుంచి ఏడుగురు, వీలైతే అయిదుగురు. చదవడానికి పొడిపొడిగా ఉంటుంది. ఆ పొడితనం వెనకున్న గందరగోళాన్ని ఊహించగలిగి, అది ఎలా చక్కబడిందో తెలుసుకోవాలన్న ఆసక్తి మీలో కలిగితే ఈ చదువు మీకు నప్పుతుంది. విసుగొక్కటే మిగిలితే, కోర్సు విసుగ్గా ఉందన్న విద్యార్థుల పక్షాన రేపు మీరూ చేరతారు.

దీంతోపాటు స్వచ్ఛంద సేవలో చేరండి. 1985లో లాస్ ఏంజెలెస్ అగ్నిమాపక శాఖ సామాన్య పౌరులకు ప్రాథమిక రక్షణ శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ నమూనా సెర్ట్ (కమ్యూనిటీ ఎమర్జెన్సీ రెస్పాన్స్ టీమ్) పేరుతో తర్వాత చాలాచోట్ల విస్తరించింది. శిక్షణ సుమారు 20 గంటలే. మీరున్న చోట అది లేకపోతే రెడ్ క్రాస్ శాఖనో స్థానిక విపత్తు కార్యాలయాన్నో సంప్రదించి, తదుపరి మాక్ డ్రిల్‌లో గాయపడినవారి పాత్రకైనా పేరివ్వండి. ఒక్క డ్రిల్ చూస్తే చాలు, ఏ విద్యార్థి గాల్లో మాట్లాడుతున్నాడో, ఎవరు చూసి చెబుతున్నారో పోల్చుకోగలుగుతారు.

4. కళాశాల చూపించినవారితో ఆగిపోకండి

ప్రవేశాల విభాగం పరిచయం చేసే పూర్వ విద్యార్థులు సహజంగానే విజయం సాధించినవారు. వారితో మాట్లాడండి, కానీ చదువు ముగించి రెండు మూడేళ్లయిన మరికొందరిని వృత్తి సంబంధ నెట్‌వర్కుల ద్వారా మీరే వెతికి పట్టుకోండి. అప్పుడే పట్టా పుచ్చుకున్నవారికి ఉత్సాహమో ఉద్యోగం దొరకలేదన్న బెంగో ఎక్కువ, తీర్పు తక్కువ.

కోర్సు బాగుందా అని అడిగితే మర్యాద కోసం బాగుందంటారు. వివరాలు అడగండి. ఇంటర్న్‌షిప్ విభాగం చూపించిందా, మీరే వెతుక్కున్నారా? పాఠాలు చెప్పినవారిలో ఎవరైనా విపత్తు కేంద్రంలో పనిచేశారా, వారు మిమ్మల్ని తర్వాత ఎవరికైనా పరిచయం చేశారా? కోర్సులో రాసిన ఏ కాగితాన్నైనా ఇంటర్వ్యూలో చూపించారా? ఈ చివరి ప్రశ్న తప్పకుండా అడగండి. చూపించదగ్గ ప్రణాళికో నివేదికో చేతిలో ఉన్న అభ్యర్థికీ, మార్కుల జాబితా మాత్రమే ఉన్న అభ్యర్థికీ మధ్య తేడా అక్కడే తెలిసిపోతుంది.

ఆన్‌లైన్ కోర్సుల గురించి ఒక మాట. రాత్రి షిఫ్టులు చేసేవారికి అవి వరమే. అనుభవం లేని కొత్తవారికి మాత్రం అవి పెట్టే ఖర్చు కనపడదు: ఉద్యోగానికి సిఫారసు చేయగల మనుషులతో ముఖాముఖి పరిచయం ఏర్పడదు. ఆన్‌లైన్‌లో చేరక తప్పకపోతే ఆ లోటును స్వచ్ఛంద సేవతో మీరే పూడ్చుకోవాలి.

మరణాల గురించి, పిల్లల్ని పోగొట్టుకున్న కుటుంబాల గురించి నెలల తరబడి చదవడం మనసుపై భారం మోపుతుంది. ఈ సంగతి ఎత్తేవారు తక్కువ. ఎవరైనా చెబితే శ్రద్ధగా వినండి, అధ్యాపకులు అండగా నిలిచారా అని అడగండి.

5. ఉద్యోగాల గురించిన మాటల్ని ప్రకటనలతో సరిచూడండి

ఉద్యోగాలు లేవని చెప్పేవారు చాలాసార్లు ప్రభుత్వ విపత్తు కార్యాలయాల వైపు మాత్రమే చూసి ఉంటారు. ఆసుపత్రులు, విశ్వవిద్యాలయాలు, విద్యుత్ సంస్థలు, విమానాశ్రయాలు, బ్యాంకులు కూడా ఈ పనికి మనుషుల్ని తీసుకుంటాయి. అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య బీమా నుంచి చెల్లింపులు పొందే ఆసుపత్రులు, వృద్ధుల సంరక్షణ కేంద్రాలతో సహా 17 రకాల సంస్థలకు విపత్తు సన్నద్ధతను తప్పనిసరి చేస్తూ 2016లో నిబంధన వచ్చింది. ప్రైవేటు రంగంలో వ్యాపార కొనసాగింపు, అంటే విపత్తులోనూ సంస్థ పనులు ఆగకుండా చూడటం, అన్న పేరుతో ఇదే పని జరుగుతుంది. దానికి ఐఎస్‌ఓ 22301 అనే అంతర్జాతీయ ప్రమాణమూ ఉంది.

మీరు కోరుకునే స్థాయి ఉద్యోగ ప్రకటనలు ఓ పాతిక తీసి చదవండి. ఎన్నింటిలో ఈ డిగ్రీనే అడిగారు, ఎన్నింటిలో ‘సంబంధిత డిగ్రీ’ అన్నారు, ఎన్నేళ్ల అనుభవం కోరారు, నిధులున్నంతకాలమే ఉండే తాత్కాలిక ఉద్యోగాలు ఎన్ని? ఒక సాయంత్రం పని ఇది. దీనికి మించిన ఆధారం ఏ విద్యార్థి దగ్గరా ఉండదు. అంతర్జాతీయ ఎమర్జెన్సీ మేనేజర్ల సంఘం ఇచ్చే సీఈఎమ్ (సర్టిఫైడ్ ఎమర్జెన్సీ మేనేజర్) గుర్తింపును అడిగే ప్రకటనలనూ గమనించండి. దానికి చదువుతోపాటు వృత్తి అనుభవం, విపత్తు నిర్వహణలో 100 గంటలు, సాధారణ నిర్వహణలో మరో 100 గంటల శిక్షణ చూపాలి. కోర్సులో ఎన్ని గంటలు ఈ లెక్కలోకి వస్తాయో విభాగాధిపతిని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

6. మీ లెక్క మీరు వేసుకోండి

ఇప్పటికే ఈ రంగంలో పనిచేస్తున్నవారు, ఫీజు భరించగలిగితే, చేరవచ్చని నా అభిప్రాయం. అనుభవం బొత్తిగా లేని యువతకు నేను వేరే దారి చెబుతాను: ప్రభుత్వ పాలన, ప్రజారోగ్యం, భూగోళ శాస్త్రం వంటి విశాలమైన డిగ్రీ తీసుకుని, విపత్తు నిర్వహణను దానికి అనుబంధంగా చదివి, మిగిలిన సమయాన్ని క్షేత్రంలో గడపడం. విపత్తు నిర్వహణే ప్రధానాంశంగా చదవాలని గట్టిగా ఉంటే, ఇంటర్న్‌షిప్‌ను పాఠ్యక్రమంలో తప్పనిసరి భాగం చేసిన కోర్సునే ఎంచుకోండి. మీరు కోరితే ఇస్తాం అనే కోర్సు వద్దు.

ఇంకా తేలకపోతే, చాలా విశ్వవిద్యాలయాలు డిగ్రీలో చేరకుండానే ఒకటి రెండు సబ్జెక్టులు చదవనిస్తాయి. ప్రణాళికలు రాయించే సబ్జెక్టు ఒకటి తీసుకోండి. ఆ క్రెడిట్లు తర్వాత డిగ్రీలో కలుస్తాయో లేదో ముందే అడగండి. సెమిస్టర్ ముగిసేసరికి తోటి విద్యార్థులు ఎవరో, అధ్యాపకులు ఎలాంటివారో మీ కళ్లతో చూసి ఉంటారు. పూర్తి ఫీజు కట్టాలా వద్దా అన్నది అప్పుడు తేల్చుకోండి.