పాత రాస్ప్‌బెర్రీ పై బోర్డులో పాట తెగుతోందా? తప్పు డీకోడర్‌దే అనుకోకండి

2012లో వచ్చిన మొదటి రాస్ప్‌బెర్రీ పై బోర్డు మా హాల్లో ఇప్పటికీ నాన్నగారి కచేరీల పెట్టె. ఒకే కోరు, 700 మెగాహెర్ట్జ్. ఎంపీడీ అనే ప్లేయర్, ఒక యూఎస్‌బీ డాక్ (డిజిటల్ అంకెలను శబ్ద సంకేతంగా మార్చే పరికరం), అంతే. ఈ మధ్య ఆలాపన నడుస్తుండగా చిటపటమని తెగడం మొదలైంది. కారణం దొరికేదాకా నాకు నిద్ర పట్టలేదు. అలాంటి బోర్డు మీ దగ్గరా ఉంటే పారేయకండి, ఈ వరుసలో చూసుకోండి.

ముందుగా ఒక కొలత

తెగుతున్న పాటనే తీసుకుని, ప్లేయర్ ఆపేసి, ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌తో డీకోడ్ చేయించండి, అంటే కుదించిన ఫైలును మళ్లీ ధ్వనిగా విప్పించండి. ఔట్‌పుట్‌ను ఫైలుగా రాయించకుండా 'నల్'కు పంపండి. ఎంతసేపు పట్టిందో చూడండి. 6 నిమిషాల పాట 1 నిమిషంలో అయిపోతే, డీకోడింగ్‌కు ప్రాసెసర్‌లో ఆరో వంతు చాలు. ఇప్పుడు అదే పాట ప్లేయర్‌లో పెట్టి, ప్రాసెసర్ లోడ్ చూపే 'టాప్' కమాండ్ చూడండి. అక్కడ 80, 90 శాతం కనిపిస్తే మిగతాదంతా డీకోడింగ్ తర్వాత జరుగుతున్న పని. ఈ ఒక్క కొలత చేయకుండా సెట్టింగ్స్ మార్చడం చీకట్లో తడుముకోవడమే.

మామూలు ఎంపీ3 కూడా తెగుతోంది, లోడ్ ఎక్కువగా ఉంది

ఎంపీ3లో ఒక ఫ్రేమ్ అంటే 1152 శాంపిళ్లు, అంటే ధ్వని కొలతలు. 44,100 హెర్ట్జ్ దగ్గర అది సుమారు 26 మిల్లీసెకన్ల సంగీతం. ఆ వ్యవధిలో ఒక ఫ్రేమ్ పని పూర్తి చేయడం ఈ బోర్డుకు కష్టమేమీ కాదు. దాన్ని కుంగదీసేది శాంపిల్ రేట్ మార్పిడి, అంటే సెకనుకు ఎన్ని శాంపిళ్లో ఆ సంఖ్యను మార్చడం.

ఇది రెండు దారుల్లో దూరుతుంది. ఒకటి, ఎంపీడీ సెట్టింగ్స్‌లో ఔట్‌పుట్‌ను 96,000 హెర్ట్జ్ అని బిగించి ఉండటం. నేను చేసిన తప్పు ఇదే. శబ్దం మెరుగవుతుందని ఎప్పుడో పెట్టి మర్చిపోయాను. పాటలో లేని వివరం రేటు పెంచితే రాదు, ప్రాసెసర్ మాత్రం ప్రతి శాంపిల్‌కూ పెద్ద ఫిల్టర్ లెక్క చేస్తూనే ఉంటుంది. ఆ లైను తీసేయగానే మా ఇంట్లో పాట నిలకడగా వచ్చింది. నాన్నగారి ముఖంలో కనిపించిన సంతోషం చెప్పలేను.

రెండోది ఆల్సా, అంటే లినక్స్‌లో శబ్దాన్ని సౌండ్ కార్డుకు చేర్చే భాగం. 'డిఫాల్ట్' డివైజ్ ఎంచుకుంటే, శబ్దాలు కలిపే డీమిక్స్ మామూలుగా 48,000 దగ్గర పనిచేస్తుంది. సీడీ నుంచి తీసిన ప్రతి పాటనూ 160:147 నిష్పత్తిలో మార్చాల్సి వస్తుంది. ఔట్‌పుట్‌గా డాక్ కార్డునే నేరుగా ఇవ్వండి. పాట నడుస్తుండగా, ప్రాక్ ఫోల్డర్‌లోని ఎసౌండ్‌లో ఆ కార్డు తాలూకు హెచ్‌డబ్ల్యూ పారామ్స్ ఫైలు తెరిస్తే నిజంగా ఏ రేటు వెళ్తోందో తెలుస్తుంది.

మార్పిడి తప్పనిసరైతే, రేటు మార్చే ఎస్ఓఎక్స్ఆర్ లైబ్రరీ నాణ్యతను 'వెరీ హై' నుంచి 'మీడియం'కు దించండి. తెర మీద ఎగిరే స్పెక్ట్రమ్ గీతలుంటే అవీ ఆపేయండి. సాఫ్ట్‌వేర్ వాల్యూమ్ జోలికి వెళ్లక్కర్లేదు, దాని బరువు చాలా తక్కువ.

కొన్ని ఫైళ్లు మాత్రమే తెగుతున్నాయి

ఇక్కడైతే నిజంగానే డీకోడింగ్ బరువే. మొదట ఏపీఈ ఫైళ్లను (నాణ్యత పోకుండా కుదించే ఒక ఫార్మాట్) అనుమానించండి. వాటిని తయారు చేయడానికి ఎంత లెక్క కావాలో, విప్పడానికీ దాదాపు అంతే కావాలి. 'ఎక్స్‌ట్రా హై', 'ఇన్‌సేన్' స్థాయిలో కుదించినవి ఇలాంటి బోర్డుకు మోయలేని బరువు. వేరే కంప్యూటర్‌లో ఫ్లాక్ అనే అలాంటి మరో ఫార్మాట్‌లోకి మార్చుకోండి, ఒక్క బిట్టూ పోదు. ఫ్లాక్‌లో 0 నుంచి 8 వరకు ఏ స్థాయి తీసుకున్నా విప్పే పనిలో పెద్ద తేడా ఉండదు, కాబట్టి నిశ్చింతగా 8 పెట్టుకోవచ్చు.

ఇంటర్నెట్ రేడియో మాత్రమే తెగుతుంటే ఆ స్ట్రీమ్ హెచ్ఈ-ఏఏసీ అనే ఫార్మాట్‌లో ఉండొచ్చు. అందులో పై స్థాయి ధ్వనులను డీకోడరే మళ్లీ అల్లుకోవాలి, అది అదనపు పని. అదే స్టేషన్‌కు ఎంపీ3 స్ట్రీమ్ ఉంటే దానికి మారండి.

ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్ (దశాంశాల లెక్కలు చేసే భాగం) లేని చిన్న చిప్పులతో పనిచేసేవారికి ఒక మాట. అక్కడ దశాంశాల లెక్కలన్నీ సాఫ్ట్‌వేర్‌లోనే సాగాలి కాబట్టి పూర్ణాంకాలతో నడిచే లిబ్‌మ్యాడ్ అనే ఎంపీ3 డీకోడర్ వాడండి. ఓపస్ ఫార్మాట్ డీకోడర్‌నైతే ఫిక్స్‌డ్ పాయింట్‌లో, అంటే పూర్ణాంకాల లెక్కతో నడిచేలా బిల్డ్ చేసుకోండి.

లోడ్ తక్కువే, అయినా తెగుతోంది

అప్పుడు ప్రాసెసర్‌ను వదిలేయండి. ఈ మొదటి బోర్డులో నెట్‌వర్క్ కేబులూ యూఎస్‌బీ పోర్టులూ ఒకే యూఎస్‌బీ దారిని పంచుకుంటాయి. పాట నెట్‌వర్క్‌లో వస్తూ, అదే దారిలో డాక్‌కు వెళ్తుంటే రెండూ ఢీకొంటాయి. అదే పాటను ఎస్‌డీ కార్డులోకి కాపీ చేసి విని చూడండి. తెగకపోతే కారణం దొరికినట్టే. పాటలు కార్డులోనే ఉంచుకోండి, లేదా ఎంపీడీ బఫర్ (పాటను ముందుగా నింపుకునే నిల్వ) పెంచండి. నెట్‌వర్క్ అప్పుడప్పుడూ తడబడితే బఫర్ కాపాడుతుంది. ప్రాసెసరే వెనకబడుతుంటే మాత్రం ఎంత పెద్ద బఫర్ పెట్టినా పాట కాస్త ఆలస్యంగా తెగుతుందంతే.