నీళ్లు వెనక్కి నడిస్తే (ఇంటి ప్లంబింగ్ నేర్చుకుందాం – 6వ పాఠం)

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన పనికి జవాబు చూసేద్దాం. ట్యాంకులో నీటి మట్టానికీ షవర్‌కీ మధ్య ఎత్తు కొలవమన్నాను. 10 మీటర్ల నీటి ఎత్తుకు సుమారు 1 బార్ ఒత్తిడి అని చెప్పుకున్నాం కదా. మీ కొలత 3 మీటర్లు అయితే షవర్ దగ్గర ఉండేది 0.3 బార్. మధ్యలో ఎల్బోలు (పైపు మలుపు ముక్కలు), వాల్వులు మింగేది పోగా ఇంకా తక్కువే. పై అంతస్తులో షవర్ నీరసంగా కారడానికి కారణం అదే. అక్కడ షవర్ ఎన్నిసార్లు మార్చినా డబ్బు దండగ.

ఇక ఈ పాఠం. ఇప్పటిదాకా నీళ్లు ట్యాంకు నుంచి కుళాయికి వస్తాయన్న లెక్కతోనే మాట్లాడుకున్నాం. పైపుకు ఆ సంగతి తెలియదు. ఒత్తిడి ఎటు తక్కువుంటే నీళ్లు అటే పోతాయి. బకెట్లోంచి కుళాయిలోకి ఎక్కగలవు, ఇంట్లోంచి వీధి మెయిన్‌లోకీ (వీధికంతా నీళ్లిచ్చే పెద్ద పైపులోకీ) దిగగలవు. దీన్ని ప్లంబర్లు బ్యాక్ ఫ్లో అంటారు. పైపు లీకైతే గోడ చెమ్మగిల్లి మనకు కబురు చెబుతుంది. బ్యాక్ ఫ్లో ఏ కబురూ పెట్టదు. రెండు రోజుల తర్వాత ఇంట్లో ఎవరికో విరేచనాలు పట్టుకుంటే తిన్నది పడలేదనుకుంటారు. నన్నడిగితే ఈ పాఠాలన్నిటిలో వదలకూడనిది ఇదొక్కటే. పైపులు అతకడం చెయ్యి తిరిగితే వచ్చేస్తుంది, మంచినీళ్లకు మురికి తగలకుండా లైను వేయడానికి మాత్రం బుర్ర పెట్టాలి.

నమ్మకం కుదరకపోతే చేసి చూడండి. మీటరు పొడవున్న సన్నటి పారదర్శక ట్యూబు, రెండు గ్లాసులు, కాస్త నీలం ఇంకు చాలు. ఒక గ్లాసులో నీళ్లు పోసి ఇంకు కలిపి బల్ల మీద పెట్టండి. రెండోది ఖాళీగా నేల మీద పెట్టండి. ట్యూబు నిండా తేట నీళ్లు నింపి, రెండు కొసలూ బొటనవేళ్లతో మూసి, ఒకటి ఇంకు నీళ్లలో ముంచి రెండోది కింది గ్లాసులోకి వదలండి. ఇప్పుడు వేళ్లు తీయండి. ముందు తేట నీళ్లు దిగుతాయి. వాటి వెనకాలే నీలం గీత ట్యూబులో పైకెక్కి, వంపు దాటి, జర్రున కిందికి జారుతుంది. మోటారు లేదు, నోటితో పీల్చినవాళ్లు లేరు. ట్యూబులో కిందికి దిగే నీళ్ల బరువు వంపు దగ్గర ఒత్తిడి తగ్గించింది. బయటి గాలి ఇంకు నీళ్లను నొక్కి ఆ వంపులోకి ఎక్కించింది.

గ్లాసు సగం ఖాళీ అయ్యాక, ఇంకులో ఉన్న కొసను నీటి మట్టం దాటి వేలెడు మందం పైకెత్తండి. ట్యూబులోకి గాలి దూరుతుంది. ఉన్న నీళ్లు కిందికి జారిపోతాయి. ఇక గ్లాసులో ఏమున్నా ఒక్క చుక్క పైకెక్కదు. ఆ వేలెడు ఖాళీ పేరే ఎయిర్ గ్యాప్. అరగని, తుప్పు పట్టని, రిపేరు అడగని పరికరం ప్లంబింగ్‌లో ఇదొక్కటే. దీని కొలత గుర్తుపెట్టుకోండి: కుళాయి మూతికీ కింద ఉన్న పాత్ర అంచుకీ మధ్య ఖాళీ, నీళ్లు వచ్చే రంధ్రం వ్యాసానికి కనీసం రెట్టింపు. ఎంత సన్న కుళాయైనా 25 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. 15 మిల్లీమీటర్ల కుళాయికి 30 అన్నమాట. కొలవాల్సింది అంచు నుంచి, అప్పటికి ఉన్న నీటి మట్టం నుంచి కాదు. ఏదో ఒక రోజు పాత్ర నిండి పొర్లుతుంది కదా, ఆ రోజు కూడా ఈ ఖాళీ మిగలాలి.

ఇంట్లో ఇది జరిగేది ఇలా. పై అంతస్తులో కుళాయికి గొట్టం తగిలించి, నేల తుడిచే బకెట్లో కొస పడేసి, నీళ్లు వదిలి ఎవరో పక్కకు వెళ్లారు. బకెట్ నిండా ఫినాయిల్ నీళ్లు. అదే సమయానికి మీరు కింద వంటింట్లో కుళాయి రిపేరుకని ట్యాంకు వాల్వు కట్టేసి, లైనులో నీళ్లు ఖాళీ చేయడానికి కింది కుళాయి తిప్పారు. మన ఇంకు గ్లాసు కథే. పైన బకెట్ ఖాళీ అవుతుంటుంది, కింద వంటింటి లైను ఫినాయిల్‌తో నిండుతుంటుంది. పని చేస్తున్న మీ చేతి మీదుగా అది కారినా, లైనులో పాత నీళ్లేమో అనుకుంటారు.

ఈ పాఠం అభివృద్ధి చెందుతున్న దేశాల్లోని ఇళ్లకు ఇంకా ఎక్కువ అవసరం. ఇరవై నాలుగు గంటలూ సరఫరా ఉన్న ఊళ్లో వీధి పైపు ఎప్పుడూ ఒత్తిడితో బిగిసి ఉంటుంది కాబట్టి పైపుకు పగులు పట్టినా నీళ్లు బయటికే చిమ్ముతాయి. రోజుకు కొన్ని గంటలే నీళ్లిచ్చే ఊళ్లో అలా కాదు. సరఫరా ఆపగానే పల్లంలో ఉన్న కుళాయిలు పైపులో మిగిలినదాన్ని లాగేస్తాయి. ఖాళీ అవుతున్న పైపు దొరికినదాన్నల్లా లోపలికి పీలుస్తుంది. పక్కనే మురుగు కాలువ ఉండి, పైపుకు వెంట్రుకంత పగులుంటే చాలు. దానికి తోడు, నీళ్లు సరిగ్గా ఎక్కడం లేదని మెయిన్‌కే నేరుగా మోటారు తగిలించే ఇళ్లు ఉంటాయి. ఆ మోటారు తన ఇంటికి నీళ్లు లాక్కుంటూ వీధి మొత్తం పైపులో ఒత్తిడిని సున్నా కిందికి దించగలదు. మెయిన్ నీళ్లు ముందు తమంతట తాము సంపులోకి దిగాలి, మోటారు సంపులోంచి తోడాలి. ఇందులో రాజీ వద్దు.

డబ్బున్నచోట ఈ బెడద ఉండదనుకోకండి. 1933లో చికాగోలో ప్రపంచ ప్రదర్శన జరిగిన ఏడాది, పేరున్న హోటళ్లలో దిగినవాళ్లకు అమీబిక్ డిసెంటరీ (అమీబా వల్ల వచ్చే రక్త విరేచనాల జబ్బు) సోకి వందమంది దాకా చనిపోయారు. విచారణలో తేలింది హోటళ్ల లోపలి పైపుల లోపం. మురుగు పోయి మంచినీళ్లలో కలిసింది.

ఇప్పుడు మీ ఇంట్లో చూడాల్సిన చోట్లు. మొదట ట్యాంకు మూత తీసి బాల్ కాక్ (తేలే బంతి ఉండి, ట్యాంకు నిండగానే నీళ్లు ఆపే కుళాయి) చూడండి. నీళ్లు పడే చప్పుడుకు నిద్ర పట్టడం లేదని దాని మూతికి ఒక పైపు ముక్క తగిలించి అడుగుదాకా దించుతారు చాలామంది. చప్పుడు పోతుంది, ఎయిర్ గ్యాప్ కూడా పోతుంది. పనిలో చేరిన కొత్తలో నేనూ ఇలా చేశాను. ఇంటాయన సంతోషించాడు, నేనూ మురిసిపోయాను. అది తప్పని చెప్పడానికి ఆ రోజు నా పక్కన తెలిసినవాళ్లు ఎవరూ లేరు. ఆ ముక్క ఉంటే తీసేయండి. లేదా నీటి మట్టానికి పైన దానికి రెండు మూడు చిల్లులు వేయండి. మధ్యస్తంగా పనిచేస్తుంది, అయినా తీసేయడమే మేలు. బాల్ కాక్ మూతి ఓవర్‌ఫ్లో పైపు (ట్యాంకులో ఎక్కువైన నీళ్లను బయటికి పంపేది) కంటే ఎత్తులో ఉండాలి. ఓవర్‌ఫ్లో పైపు, లోపలికొచ్చే పైపు కంటే ఒక సైజు పెద్దది కావాలి, లేకపోతే బాల్ కాక్ పట్టేసిన రోజు నీళ్లు మూతిదాకా లేస్తాయి.

తర్వాత టాయిలెట్‌లో హెల్త్ ఫాసెట్, అంటే కమోడ్ పక్కన ఉండే చేతి షవర్. దాని గొట్టం కమోడ్‌లోని నీళ్లను తాకేంత పొడవుంటే మార్చి పొట్టిది వేయండి, వాడాక యాంగిల్ వాల్వు (గొట్టానికి నీళ్లిచ్చే గోడ వాల్వు) కట్టేయడం అలవాటు చేసుకోండి. కొత్త ఇల్లు కడుతుంటే టాయిలెట్ల లైనును ట్యాంకు దగ్గరే విడదీసి, వంటింటికి వేరే పైపు దింపించండి. గోడలో పైపు వేసేటప్పుడు ఇది చిన్న పని, టైల్స్ అతికాక పెద్ద తలనొప్పి.

బోరు లైనునూ మంచినీళ్ల లైనునూ మధ్యలో ఒక వాల్వుతో కలిపారేమో కూడా చూడండి. ఎప్పుడూ కట్టేసే ఉంటుందండీ అంటారు. వాల్వు లోపల రబ్బరు అరిగితే బయటికి కనిపించదు. రెంటినీ విడివిడిగా ట్యాంకులో పై నుంచి పడనిస్తే వాల్వు మీద నమ్మకం పెట్టుకునే అవసరమే రాదు.

మరి ఎన్‌ఆర్‌వీ (నాన్ రిటర్న్ వాల్వు) పెడితే సరిపోదా అని అడుగుతారు. నీళ్లను ఒక వైపుకే వదిలే వాల్వు అది. ఒంటి మీద బాణం గుర్తు ఉంటుంది, నీళ్లు ఎటు పోవాలో బాణం అటే చూడాలి. తిరగేసి బిగించి, నీళ్లు రావట్లేదని లోపలి రేకు పీకేసిన సందర్భాలు నాకు కనిపించాయి. సరిగ్గా పెట్టినా ఇసుక రేణువొకటి లోపల ఇరుక్కుంటే మూసుకోదు. పరీక్ష సులువే. ముందున్న వాల్వు కట్టేసి, ఆ వాల్వుకూ ఎన్‌ఆర్‌వీకీ మధ్యనున్న యూనియన్ (పైపు కోయకుండా విప్పి మళ్లీ బిగించగలిగే జాయింటు) విప్పండి. కాసిని నీళ్లు కారి ఆగితే బాగున్నట్టు. ఆగకుండా వస్తుంటే విప్పి కడగాలి, లేదా మార్చాలి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1999 నాటి నీటి అమరికల నిబంధనలు నీళ్లను ప్రమాదాన్ని బట్టి 5 తరగతులు చేశాయి. తాగే నీళ్లు 1, మలమూత్రాలు కలిసినవి 5. ఆ ఐదో తరగతికి మామూలు ఎన్‌ఆర్‌వీని ఒప్పుకోరు, మధ్యలో గాలి ఉండాల్సిందే. ఆ లెక్కనే మనమూ పెట్టుకుందాం.

ఇవన్నీ పనివాళ్లకు తెలియవా? చాలాచోట్ల తెలియవు, ఆ తప్పు పూర్తిగా వాళ్లదీ కాదు. 2022 నాటికి సురక్షితంగా నిర్వహించే తాగునీరు అందనివాళ్లు ప్రపంచంలో సుమారు 220 కోట్లమంది అని డబ్ల్యూహెచ్‌ఓ, యునిసెఫ్‌ల లెక్క. 2030 నాటికి అందరికీ ఇస్తామని ఐక్యరాజ్య సమితి లక్ష్యం. ఆ లక్ష్యం వెంట పడి ప్రభుత్వాలు కుళాయిలు లెక్కపెడతాయి, ఆ కుళాయిని బిగించిన చెయ్యి ఎవరిదో లెక్కపెట్టవు. కుర్రాడు మేస్త్రీ వెనకాల సంచి మోస్తూ చేరతాడు, మేస్త్రీ చేసిందే నేర్చుకుంటాడు. మేస్త్రీకి తెలియంది తరతరాలుగా అలాగే దిగుతుంది. నిబంధనల పుస్తకం ఉన్నా అది ఆ కుర్రాడి చేతికి రాదు. ఆస్ట్రేలియా లాంటిచోట నీటి లైను వేయాలంటే శిక్షణ పొంది లైసెన్సు తీసుకోవాలి. లైసెన్సు లేనిచోట పని తెలిసినవాడికీ తెలియనివాడికీ కూలి ఒకటే, ఇద్దరి పనినీ టైల్స్ ఒకేలా కప్పేస్తాయి. అలాంటప్పుడు వాడు నేర్చుకోవడానికి ఎందుకు తంటాలు పడతాడు?

కాబట్టి ఈసారి ప్లంబర్‌ను పిలిస్తే, రేటు అడిగే ముందు ఒక్క మాట అడగండి: "ట్యాంకులో బాల్ కాక్ ఎంత ఎత్తులో పెడతావు బాబూ, ఎందుకు?" చప్పుడు రాకుండా కిందికి పెడతానంటే ఈ పాఠం చదివి వినిపించండి. ఓవర్‌ఫ్లో మట్టం గురించి మాట్లాడితే అతని నంబరు దాచుకోండి.

ఈ వారం పని: ఒక స్కేలు, కాగితం పట్టుకుని ఇంట్లో ప్రతి కుళాయి దగ్గరికీ వెళ్లండి. రంధ్రం వ్యాసం, అంచు నుంచి ఖాళీ రాసుకోండి. గొట్టం తగిలించి ఉన్న కుళాయికి ఖాళీ సున్నా అని రాయండి, ఎందుకంటే గొట్టం కొస ఎక్కడ పడితే కుళాయి మూతి అక్కడున్నట్టే. ఇంకో చిన్న పని కూడా ఉంది. వాడకుండా వదిలేసిన బాత్రూమ్ ఉంటే, నేల మీద జాలీ దగ్గర వాసన చూసి, ఒక చెంబుడు నీళ్లు పోసి, గంట తర్వాత మళ్లీ చూడండి. ఆ వాసన ఎక్కడికి పోయిందన్నది 7వ పాఠం.