ఇంగ్లీషు క్రియలు, వాటి ప్రిపోజిషన్లు – 5వ పాఠం: ‘టాక్’కి ‘అబౌట్’ కావాలి, ‘డిస్కస్’కి అక్కర్లేదు

ముందు క్రితం పాఠం అభ్యాసానికి జవాబులు: ‘లిజన్ టు దిస్ సాంగ్’, ‘లుక్ ఎట్ ద బోర్డ్’. ఈ రెండు చోట్లా మనవాళ్లు ప్రిపోజిషన్ వదిలేస్తారు. ‘పాట విను’, ‘బోర్డు చూడు’ అనేటప్పుడు తెలుగులో ఏ విభక్తీ కనబడదు కాబట్టి ఇంగ్లీషులోనూ అది రాలిపోతుంది.

ఈ పాఠంలోది దీనికి సరిగ్గా తిరగేసిన తప్పు. అక్కర్లేని చోట ప్రిపోజిషన్ తగిలించడం. ఈ మూడు వాక్యాలు చూడండి:

‘వి డిస్కస్డ్ అబౌట్ ద ప్రాబ్లమ్.’
‘ఐ రిక్వెస్ట్ ఫర్ టూ డేస్ లీవ్.’
‘ద ట్రైన్ రీచ్డ్ టు విజయవాడ.’

మూడూ తప్పే. ‘అబౌట్’, ‘ఫర్’, ‘టు’ కొట్టేస్తే మూడూ ఒప్పవుతాయి. (రెండో దాంట్లో ‘డేస్’ చివర అపాస్ట్రఫీ పెట్టడం కూడా మరవకండి.) ‘సమస్య గురించి చర్చించాం’, ‘విజయవాడకి చేరింది’ అన్న తెలుగు వాక్యాల్లోంచే ఆ ‘అబౌట్’, ఆ ‘టు’ వచ్చిపడ్డాయి. అయితే తప్పంతా తెలుగుదే కాదు. ఇంకో రెండు కారణాలు ఇంగ్లీషులోనే ఉన్నాయి. అవి తెలిస్తే ఒక్కో మాటా విడిగా బట్టీ పట్టే పని చాలావరకు తప్పుతుంది.

మొదటి కారణం, ఒకే అర్థానికి ఇంగ్లీషులో రెండేసి మాటలుండటం. ఇంట్లో వాడేది ఒకటి, అర్జీలో రాసేది ఒకటి. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక కొన్ని వందల ఏళ్లు కోర్టుల్లో, దర్బారులో ఫ్రెంచి రాజ్యమేలింది. ఆ దారిన, లాటిన్ దారిన వచ్చిన మాటలు ఇంగ్లీషులో పెద్దమనిషి భాషగా స్థిరపడ్డాయి. ఇళ్లలో పాత చిన్న మాటలే మిగిలాయి. ఆ చిన్న క్రియలకు ప్రిపోజిషన్ ఊతం కావాలి. పెద్ద మాటల్లో చాలావాటికి అక్కర్లేదు, ఆ అర్థం వాటి కడుపులోనే ఉంది. ‘టాక్ అబౌట్’ అన్నా ‘డిస్కస్’ అన్నా ఒకటే. ‘ఆస్క్ ఫర్’ అంటే ‘రిక్వెస్ట్’, ‘వెయిట్ ఫర్’ అంటే ‘అవెయిట్’, ‘గో ఇంటు’ అంటే ‘ఎంటర్’, ‘లుక్ లైక్’ అంటే ‘రిజెంబుల్’, ‘లుక్ ఇంటు’ అంటే ‘ఇన్వెస్టిగేట్’. (పుట్టుక లెక్క అన్నిచోట్లా అతకదు: చిన్న మాటే అయినా ‘వెయిట్’ ఫ్రెంచి దారిన వచ్చిందే, ‘గెట్ టు’కి జోడైన ‘రీచ్’ ఫ్రెంచి మాట కాదు, పాత ఇంగ్లీషుదే. కానీ నడత ఇదే.)

పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, ఉత్తరం రాసేటప్పుడు ‘టాక్’ తీసి గౌరవంగా ‘డిస్కస్’ పెడతాం, వెనకున్న ‘అబౌట్’ని మాత్రం అలాగే ఉంచేస్తాం. క్రియ మార్చినప్పుడు దాని ప్రిపోజిషన్‌ని కూడా మళ్లీ చూసుకోవాలి. ఈ ఒక్క అలవాటు చేసుకుంటే సగం తప్పులు పోతాయి.

రెండో కారణం ఇంకా ముఖ్యం. ఎందుకో వ్యాకరణం గైడ్లు దీన్ని ఒక్క ముక్కలో దాటేస్తాయి. ‘రిక్వెస్ట్’, ‘ఆర్డర్’, ‘యాన్సర్’, ‘లాక్’ (తాళం కాదు, కొరవడటం), ‘డిమాండ్’ వంటి మాటలు క్రియగానూ వస్తాయి, నామవాచకంగానూ వస్తాయి. నామవాచకమైతే ప్రిపోజిషన్ ఉండాలి, క్రియ అయితే ఉండకూడదు. నామవాచకంతో విన్న ప్రిపోజిషన్‌ని క్రియకి అంటించడం వల్లే ఇన్ని తప్పులు.

‘ఐ రిక్వెస్టెడ్ ఎ ట్రాన్స్‌ఫర్.’ ఇక్కడ క్రియ. ‘మై రిక్వెస్ట్ ఫర్ ఎ ట్రాన్స్‌ఫర్ వాజ్ రిజెక్టెడ్.’ ఇక్కడ నామవాచకం. అలాగే ‘హి లాక్స్ ఎక్స్‌పీరియన్స్’ అనాలి, కానీ ‘హిజ్ లాక్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్’ అనాలి. ‘యాన్సర్ ద క్వశ్చన్’, కానీ ‘ద యాన్సర్ టు ద క్వశ్చన్’. మాట రూపం కాస్త మారే చోటా ఇదే వరస: ‘డిస్కస్ ద బడ్జెట్’, ‘ఎ డిస్కషన్ అబౌట్ ద బడ్జెట్’. ‘ఎంఫసైజ్ సేఫ్టీ’, ‘ఎంఫసిస్ ఆన్ సేఫ్టీ’. ‘రిజెంబుల్స్ హర్ మదర్’, ‘ఎ రిజెంబ్లెన్స్ టు హర్ మదర్’.

గుర్తుపట్టడం కష్టం కాదు. ఆ మాట ముందు ‘ఎ’, ‘ద’, ‘మై’, ‘హిజ్’ లాంటిది ఉంటే అది నామవాచకం, ప్రిపోజిషన్ పెట్టండి. ‘ఐ’, ‘వి’, ‘దే’ లాంటి కర్త ఉంటే అది క్రియ, పెట్టకండి.

‘ఆర్డర్’తో ఒక చిక్కుంది. హోటల్లో ‘ఐ ఆర్డర్డ్ ఫర్ టూ దోసాస్’ అంటే తప్పు. ‘ఐ ఆర్డర్డ్ ఎ దోసా ఫర్ మై ఫాదర్’ అంటే ఒప్పు. ఈ రెండో వాక్యంలో ‘ఫర్’ దోసెది కాదు, నాన్నగారిది. తెప్పించుకునే వస్తువు ముందు ‘ఫర్’ రాదు, ఎవరికోసమో ఆ మనిషి ముందు వస్తుంది.

వాక్యం తెలుగులో తోచి ఇంగ్లీషులోకి తెచ్చుకునేవాళ్లకు ఒక ఉపాయం. తెచ్చుకునే ముందు తెలుగు వాక్యాన్నే ‘ని’, ‘ను’తో ఒకసారి చెప్పి చూడండి. ‘సమస్య గురించి చర్చించాం’ బదులు ‘సమస్యను చర్చించాం’, ‘డాక్టరుతో పెళ్లయింది’ బదులు ‘డాక్టరుని పెళ్లి చేసుకుంది’. అలా కుదిరితే ఇంగ్లీషులో ప్రిపోజిషన్ అక్కర్లేని క్రియ దొరికినట్టే: ‘డిస్కస్డ్ ద ప్రాబ్లమ్’, ‘మ్యారీడ్ ఎ డాక్టర్’. అయితే ‘పెళ్లయి ఉంది’ అన్న స్థితిని చెప్పేటప్పుడు ‘షి ఈజ్ మ్యారీడ్ టు ఎ డాక్టర్’ అనాలి. పెళ్లాడిన మనిషి ముందు ‘విత్’ ఎప్పుడూ రాదు. ‘రీచ్’, ‘ఎంటర్’ల దగ్గర ఈ ఉపాయం పనిచేయదు, అవి గుర్తుంచుకోవలసిందే. ‘ఎంటర్’కి ఇంకో మెలిక కూడా ఉంది: గదిలోకి వెళ్తే ‘ఎంటర్డ్ ద రూమ్’, ఒప్పందం కుదుర్చుకుంటే ‘ఎంటర్డ్ ఇంటు యాన్ అగ్రిమెంట్’.

ఇదంతా చదివి, పెద్ద మాటలకు ప్రిపోజిషనే ఉండదని అనుకోకండి. ఆఫీసు రాతలో రోజూ కనబడే ‘కంప్లై విత్ ద రూల్స్’, ‘రిఫర్ టు యువర్ లెటర్’, ‘అబైడ్ బై ద డెసిషన్’, ‘డిస్పోజ్ ఆఫ్ ద ఫైల్’ వంటి వాటికి అది తప్పనిసరి. వీటిలో కొన్నిటికి మాట మొదలే ఆనవాలు ఇస్తుంది. ‘కో’, ‘కొల్’తో మొదలయ్యేవి తరచు ‘విత్’ కోరతాయి: కోఆపరేట్ విత్, కొలైడ్ విత్. ‘డి’తో మొదలై తీసివేత చెప్పేవి ‘ఫ్రమ్’ కోరతాయి: జీతంలోంచి పన్ను కోస్తే ‘డిడక్టెడ్ ఫ్రమ్ ద శాలరీ’. దీన్ని సూత్రంగా మాత్రం పట్టుకోవద్దు. ‘కన్సిస్ట్’ దగ్గర ‘విత్’ అనుకుంటే దెబ్బతింటారు, ‘కన్సిస్ట్స్ ఆఫ్ ఫైవ్ మెంబర్స్’ అనాలి. అదే అర్థంలో ‘కంప్రైజెస్ ఫైవ్ మెంబర్స్’ అంటే ‘ఆఫ్’ ఉండదు.

ఇక తెలుగువాళ్లం అందరం జారిపడే చోటు. ‘ఉద్యోగానికి అప్లై చేశాను’లో ‘కి’ ఉంది. దాన్నే ‘నేను అప్లై చేసిన ఉద్యోగం’ అని తిప్పితే ఆ ‘కి’ ఏమైంది? తెలుగులో మాయమైపోతుంది. ‘ఇంట్లో ఉన్నాం’ – ‘మేం ఉన్న ఇల్లు’ కూడా అంతే. అందుకే ‘ద జాబ్ విచ్ ఐ అప్లైడ్’, ‘ద హౌస్ విచ్ వి లివ్డ్’ అని రాసేస్తాం. ఇంగ్లీషులో ప్రిపోజిషన్ ఎక్కడికీ పోదు. మామూలు మాటల్లో చివర మిగులుతుంది: ‘ద జాబ్ ఐ అప్లైడ్ ఫర్’, ‘ద హౌస్ వి లివ్డ్ ఇన్’. అర్జీల్లో, నివేదికల్లో ముందుకొస్తుంది: ‘ద పోస్ట్ ఫర్ విచ్ ఐ అప్లైడ్’. రెండూ సరైన ఇంగ్లీషే. వాక్యం ప్రిపోజిషన్‌తో ముగియకూడదని బళ్లో నేర్పిన నియమాన్ని పట్టించుకోనక్కర్లేదు. కానీ రెండు చోట్లా పెట్టకండి: ‘ఫర్ విచ్ ఐ అప్లైడ్ ఫర్’ తప్పు. ముందుకు తెచ్చినప్పుడు ‘విచ్’ స్థానంలో ‘దట్’ కూడా పనికిరాదు.

పరీక్షించుకోడానికి ఆ భాగాన్ని మామూలు వాక్యంగా విప్పండి. ‘ఐ అప్లైడ్ ఫర్ ద జాబ్’ అని వస్తోందా? అయితే తిప్పిన వాక్యంలోనూ ఆ ‘ఫర్’ ఎక్కడో ఒక చోట ఉండి తీరాలి.

అభ్యాసం: ఈ ఆరు వాక్యాల్లో నాలుగింటిలోనే తప్పుంది. ఏవో గుర్తించి, దిద్ది, ఎందుకు తప్పో ఒక్క ముక్కలో రాసుకోండి.

1. ద యూనియన్ డిమాండెడ్ ఫర్ హయ్యర్ వేజెస్.
2. దేర్ ఈజ్ ఎ డిమాండ్ ఫర్ ట్రెయిన్డ్ నర్సెస్.
3. ద మేనేజర్ ఎంఫసైజ్డ్ ఆన్ పంక్చువాలిటీ.
4. దిస్ ఈజ్ ద బ్యాంక్ విచ్ మై సిస్టర్ వర్క్స్.
5. వి ఆర్ అవెయిటింగ్ ఫర్ యువర్ రిప్లై.
6. ద కేస్ టు విచ్ హి రిఫర్డ్ ఈజ్ ఓల్డ్.

జవాబులు వచ్చే పాఠంలో. అందులోనే ‘లుక్ ఫార్వర్డ్ టు మీటింగ్ యు’ సరైనదయితే ‘మీట్’ ఎందుకు తప్పయిందో, ఆ ‘టు’ ఏ జాతిదో చూద్దాం.