దుబార్ పేరణి (రెండోసారి విత్తడం) అప్పు తప్పాలంటే: విత్తే ముందు వానను కొలుద్దాం

మహారాష్ట్రలో నాందేడ్ జిల్లాలో ధర్మాబాద్, బిలోలి, కిన్‌వట్ వైపైనా, చంద్రపూర్ జిల్లాలో రాజురా, కోర్పనా, జివతి వైపైనా తెలుగు ఇళ్లలో జూన్ వచ్చిందంటే ఒకటే చర్చ: ఇత్తనం వేద్దామా, ఆగుదామా? మిరుగం రాగానే విత్తడం తాతల నాటి అలవాటు. ఆ రోజుల్లో మొదటి వానకూ రెండో వానకూ మధ్య ఎడం తక్కువ. ఇప్పుడు ఒకరోజు దంచి కొడుతుంది, తర్వాత పదిహేను ఇరవై రోజులు మొగులు వైపు చూస్తూ కూర్చోవాలి. కారణం ఉంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకుంటుంది. పట్టుకున్నదంతా ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతి భారీ వానలు 1950 నుంచి 2015 మధ్య మూడు రెట్లయ్యాయి. ఈ వేడికి మన వంతు పొగ చాలా తక్కువ, దెబ్బ మాత్రం ముందు మన చేను మీదే పడుతోంది.

పేదరికం ఇక్కడ ఎలా మొదలవుతుందో లెక్క చూడండి. ఎకరం సోయాకు 30 కిలోల విత్తనం. కిలో వంద రూపాయలనుకున్నా మూడు వేలు. గొర్రు కిరాయి, ఎరువు కలిపి మరో రెండు వేలనుకుందాం. మొలక ఎండిపోతే ఆ ఐదు వేలూ మట్టిలో కలిసినట్టే. మళ్లీ విత్తడానికి బ్యాంకు రెండోసారి ఇవ్వదు, షావుకారు దగ్గర నూటికి నెలకు మూడు రూపాయల మిత్తికి తెస్తాం. ఆరు నెలల్లో ఐదు వేలు 5,900 అవుతుంది. ఐదెకరాలకు దాదాపు ముప్పై వేలు. పంట ఇంకా మోకాలెత్తు కూడా రాకముందే తలకెక్కిన అప్పు ఇది. అందుకే ఎరువుల కంటే, మందుల కంటే ముందు వాన కొలత నేర్చుకోవాలి.

వానను ఇంట్లోనే కొలవడం

అడుగు చదునుగా, గోడలు నిటారుగా ఉన్న ఏ డబ్బా అయినా చాలు. నోరు ఎంత వెడల్పున్నా ఫర్వాలేదు, కానీ పై నుంచి కింది దాకా ఒకే వెడల్పు ఉండాలి. బకెట్ పనికిరాదు, అది పైకి పోయేకొద్దీ విచ్చుకుంటుంది. డబ్బాను చేను మధ్యలో రాయితో కదలకుండా నిలబెట్టండి. దగ్గర్లో చెట్టో గోడో ఉంటే దాని ఎత్తుకు రెండింతల దూరం జరగాలి. రోజూ ఉదయం 8:30కి లోపల స్కేలు పెట్టి నీళ్ల లోతు చూసి, పుస్తకంలో రాసి, డబ్బా వంచేయండి. లోతు ఎన్ని మిల్లీమీటర్లో అంత వాన పడినట్టు. ఒక్క మిల్లీమీటరు వాన అంటే ఎకరాకు దాదాపు 4 వేల లీటర్లు.

నల్లరేగడిలో 75 నుంచి 100 మిల్లీమీటర్లు పడే దాకా విత్తవద్దు. అదీ వారం లోపల పడి ఉండాలి. మూడు వారాల పాటు ముక్కలు ముక్కలుగా పడిన వంద ఈ లెక్కలోకి రాదు, మధ్యలో ఎండకు ఆరిపోతుంది. తొలి 25, 30 మిల్లీమీటర్లు నెర్రెల్లోకి దిగిపోయి పై రెండంగుళాలే తడుపుతాయి. అదే మోసం. సోయా గింజ మొలవాలంటే తన బరువులో సగం నీళ్లు పీల్చుకోవాలి. సగం పీల్చి ఉబ్బిన గింజ చుట్టూ మట్టి ఆరిపోతే ఇక లేవదు, లోపలే కుళ్లుతుంది.

డబ్బా లెక్క కుదిరాక కూడా నేలను ఒకసారి అడగండి. చేనులో నాలుగైదు చోట్ల జానెడు లోతు తవ్వి, అడుగు మట్టిని పిడికిట్లో నొక్కండి. ఉండ కట్టి, మోకాలెత్తు నుంచి వదిలితే పెద్ద ముక్కలుగా విరిగితే పదును ఉన్నట్టు. పొడిగా రాలిపోతే ఆగాలి. వేళ్ల మధ్య నుంచి బురదలా జారితే రెండు రోజులు ఆరనివ్వాలి.

విత్తనం సంచి విప్పక ముందు

సోయా గింజ తోలు పలచన. సంచి ఎత్తు నుంచి పడేస్తే పైకి ఏమీ కనిపించదు, లోపల మొలక విరిగిపోతుంది. నాలుగైదు సంచుల కంటే ఎత్తు పేర్చవద్దు, సిమెంటు నేల మీద నేరుగా పెట్టవద్దు. సోయా తన పుప్పొడితోనే కాస్తుంది కాబట్టి ఒకసారి కొన్న మంచి రకాన్ని రెండు మూడేళ్లు ఇంటి విత్తనంగా వాడుకోవచ్చు. పత్తి హైబ్రిడ్‌కు ఆ వీలు లేదు. 800 రూపాయలు దాటిన ప్యాకెట్ ఏటా కొనాల్సిందే, కాబట్టి పత్తి విషయంలో తొందర ఇంకా ఖరీదు.

మొలక పరీక్షకు సంచి పైన, నడుమ, అడుగు నుంచి కలిపి వంద గింజలు తీయండి. తడిపి పిండిన గోనెపట్టా మీద పది పది వరుసలుగా పేర్చి, చాపలా చుట్టి నీడలో పెట్టి, పొద్దున సాయంత్రం నీళ్లు చిలకరించండి. గింజలను నీళ్లలో నానబెట్టవద్దు, తోలు చిట్లుతుంది. ఐదారు రోజులకు విప్పి, నిటారు వేరు, రెండు పప్పు బద్దలు ఉన్న మొలకలనే లెక్కపెట్టండి. 70 వస్తే ఎకరాకు 30 కిలోలు. 60 వస్తే 35 కిలోలు. అంతకంటే తగ్గితే అది విత్తనం కాదు, మార్కెట్ సరుకు.

విత్తన శుద్ధిలో వరుస ముఖ్యం: ముందు శిలీంద్రనాశిని, తర్వాత పురుగు మందు, చివర రైజోబియం (గాలిలోని నత్రజనిని మొక్క వేళ్లకు అందించే బ్యాక్టీరియా). తలకిందులైతే మందు బ్యాక్టీరియాను చంపేస్తుంది. రైజోబియం 10 కిలోలకు 250 గ్రాములు, చల్లార్చిన బెల్లం నీళ్లతో కలిపి గింజకు పట్టించాలి. చేతులతో రుద్దకుండా పట్టా మీద అటూ ఇటూ దొర్లించి, నీడలో ఆరబెట్టి, అదే పూట విత్తాలి. మందు తాకే చేతికి గ్లౌజులు ఉండాలి.

వాన ఎక్కువైనా తక్కువైనా తట్టుకునే సాలు

సోయాకు సాలుకూ సాలుకూ 45 సెంటీమీటర్లు, లోతు 3 నుంచి 4 సెంటీమీటర్లు. ఐదు దాటితే మొలక పైకి రాలేక మెడ విరుగుతుంది. సాళ్లు వాలుకు అడ్డంగా పోవాలి. ఏడు గొట్టాల ట్రాక్టరు గొర్రు ఉంటే నడి గొట్టం మూసేయండి. అప్పుడు ప్రతి ఆరు సాళ్లకు ఒక సాలు ఖాళీగా మిగులుతుంది. విత్తిన తర్వాత ఆ ఖాళీలో నాగలితో జానెడు లోతు కాలువ తీయండి. వాన తక్కువైన ఏడు ఆ కాలువ నీళ్లను పట్టి వేళ్లకు ఇస్తుంది, ఎక్కువైన ఏడు నీళ్లను గట్టు దాకా మోసుకుపోతుంది. సాలు పోయిందని బాధపడకండి, అంచు మొక్కలకు గాలి వెలుతురు దొరికి కాత పెరుగుతుంది. పటాన్‌చెరు ఇక్రిశాట్ నల్లరేగడి కోసం తయారు చేసిన వెడల్పు మడి, కాలువ పద్ధతికి ఇది పేదవాడి రూపం, యంత్రం కొనక్కర్లేదు.

ఒక్క పంట మీదే ఇల్లు నిలబెట్టవద్దు. నాలుగు సాళ్ల సోయాకు రెండు సాళ్ల కంది వేయండి. సోయా వంద రోజులకు వచ్చేస్తుంది. కంది వేరు లోతుకు దిగి చివరి తేమ మీద బతుకుతుంది. పర్భణీ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇచ్చిన బీడీఎన్ 711 లాంటి తొందర రకమైతే శీతాకాలంలో నేల తేమ ఆరిపోకముందే కోతకొస్తుంది.

వాన ఆలస్యమైతే పంట మార్చాలి, మొండికేయకూడదు. పెసర, మినుము జులై మొదటి వారం దాటాక వద్దు. సోయాకు జులై 15 హద్దు. ఆ తర్వాత నెలాఖరు దాకా కంది, నువ్వులు, ఆముదం, పొద్దుతిరుగుడు వైపు వెళ్లాలి. అన్ని ఎకరాలూ ఒకే రోజు విత్తకుండా రెండు విడతలు చేస్తే ఒక విడత పోయినా ఇంకోటి మిగులుతుంది.

మొలకెత్తాక

మొలక పలచబడిందని వెంటనే దున్నేయవద్దు. పది చోట్ల మీటరు సాలు కొలిచి మొక్కలు లెక్కపెట్టండి. ఐదు సెంటీమీటర్లకొకటి చొప్పున మీటరుకు ఇరవై ఉండాలి. పది పన్నెండు సమంగా పరుచుకుని ఉంటే ఉంచండి, సోయా కొమ్మలు వేసి ఖాళీ నింపుకుంటుంది. పెద్ద పెద్ద ఖాళీలుంటే అక్కడికే గింజ వేయండి, అదీ పది రోజుల లోపలే.

వాన ఆగి వారం దాటితే గుంటుక తోలండి, కొన్ని ఊళ్లలో డౌర అంటారు. పై మట్టి పొడి అయితే నెర్రెలు మూసుకుని అడుగు తేమ పైకి ఎగిరిపోదు. సోయా పూతకు వచ్చాక మాత్రం ఆపాలి, వేళ్లు తెగుతాయి. ఆకు వాలుతుంటే పది లీటర్ల నీళ్లకు 100 గ్రాముల 13-0-45 (పొటాషియం నైట్రేట్ ఎరువు) కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. ఎండిన నేలలో యూరియా చల్లడం డబ్బు గాలికి చల్లడమే.

భారీ వాన తర్వాత రెండు రోజులు నీళ్లు నిలిస్తే వేళ్లకు ఊపిరాడదు. గట్టు కింది మూల తెగ్గొట్టండి. ఎండిన చేను మీద గట్టి వాన పడ్డ మర్నాడు పత్తి మొక్కలు అకస్మాత్తుగా తల వాల్చితే ఆలస్యం వద్దు: పది లీటర్లకు కాపర్ ఆక్సిక్లోరైడ్ 25 గ్రాములు, యూరియా 200 గ్రాములు కలిపి, వాలిన ప్రతి మొక్క మొదట్లో పావు లీటరు పోసి, కాలితో మట్టి నొక్కండి.

శేత్ తళే (చేనులో నీటి కుంట) తవ్వించే వీలుంటే కొలత ముందే లెక్కేసుకోండి. పైన 15 మీటర్ల చదరం, లోతు 3 మీటర్లు, గట్ల వాలు ఒకటికి ఒకటి అయితే 4 లక్షల 41 వేల లీటర్లు నిలుస్తాయి. ఎకరాకు ఒక్క 5 సెంటీమీటర్ల తడికి 2 లక్షలు కావాలి. ఆవిరి, ఇంకుడు పోగా ఎకరంన్నరకు ఒక్క తడి. దాన్ని మొక్క పెరిగే దశలో ఖర్చు చేయకుండా కాయ నిండే రోజులకు దాచండి.

కాగితం పని

పంట రుణం గడువులో కట్టేస్తే కేంద్రం రాయితీ పోగా వడ్డీ 4 శాతం. షావుకారు మిత్తి ఏడాదికి 36 శాతం. రుణం కట్టి కొత్తగా మార్చుకోవడానికి ఒక్కరోజు దాటినా, గడువులో కట్టినందుకు వచ్చే రాయితీ పోతుంది. బీమా ప్రీమియంలో రైతు వాటా సోయా, కందికి 2 శాతం, పత్తికి 5 శాతం దాకా. బీమా దిగుబడిని మహసూల్ మండలం (కొన్ని ఊళ్లు కలిపిన రెవెన్యూ సర్కిల్) సగటు మీద లెక్కిస్తారు, మీ ఒక్క చేను పోతే రాకపోవచ్చు. విపత్తు సాయం వేరు: 2022-23 నుంచి 2025-26 దాకా కేంద్రం పెట్టిన లెక్క ప్రకారం, 33 శాతానికి పైగా పంట పోతే వానాధార భూమికి హెక్టారుకు 8,500 రూపాయల చొప్పున రెండు హెక్టార్ల దాకా. దానికి పంచనామా కావాలి. సాత్‌బారాలో (7/12 భూమి పత్రంలో) పంట పేరు లేకపోతే బీమా, సాయం రెండూ ఆగిపోతాయి. కాబట్టి విత్తిన తర్వాత గడువు లోపలే ఈ-పీక్ పాహణీ యాప్‌లో చేనులో నిలబడి ఫొటో తీసి, సోయా ఎంత, కంది ఎంత అని విడివిడిగా నమోదు చేయండి. నీళ్లు నిలిచిన రోజు తీసిన ఫొటోలు, మీ వాన కొలత పుస్తకం తలాఠీ (ఊరి రెవెన్యూ అధికారి) వచ్చినప్పుడు చేతిలో ఉంచుకోండి.