ఒక క్రూజ్ దిగి అదే రోజు ఇంకో క్రూజ్ ఎక్కుతున్నారా? రాత్రి బ్యాగు తలుపు బయట పెట్టకండి

పోయిన నెల మా పిన్నీ బాబాయీ యూరప్‌లో ఒక క్రూజ్ దిగి, అదే రేవులో, అదే రోజు ఇంకో క్రూజ్ ఎక్కాల్సింది. ఎక్కలేదు. తుఫాను లేదు, షిప్ లేటు కాలేదు, ఒంట్లో బాగోకపోవడమూ లేదు. ముందు రోజు రాత్రి రెండు సూట్‌కేసులు క్యాబిన్ తలుపు బయట పెట్టి పడుకున్నారు, అంతే. రెండూ ఒకే కంపెనీ షిప్పులు కదా, వాళ్ళే ఇటు నుంచి అటు చేరేసుకుంటారని రెండో షిప్ ట్యాగులు కూడా ముందే తగిలించేశారు. పాస్‌పోర్టులేమో నీలం సూట్‌కేసు పై జిప్పులో. ఆ రూట్లో దిగేటప్పుడు పాస్‌పోర్ట్ ఎవరూ అడగలేదు, అదే కొంప ముంచింది, అడిగుంటే అక్కడే గుర్తొచ్చేది. చేతులూపుకుంటూ బయటికొచ్చి, కాఫీ తాగి, ఊళ్ళో కాసేపు తిరిగి, పన్నెండున్నరకి రెండో షిప్ కౌంటర్ దగ్గర నిలబడితే "పాస్‌పోర్ట్" అన్నారు. అప్పటికి సూట్‌కేసు మొదటి టెర్మినల్ హాల్లో, ఎవరూ తీసుకోని సామాన్లలో ఓ మూల పడుంది. ఆ హాల్లోంచి ఒకసారి బయటికొచ్చాక మళ్ళీ లోపలికి పంపరు. వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలుకుని సూట్‌కేసు చేతికొచ్చేసరికి మూడుంపావు అయింది, చెక్-ఇన్ మూడింటికే మూసేశారు. షిప్ కదిలింది నాలుగున్నరకి. ఆ గంటంబావూ ఇద్దరూ ఎదురుగా కట్టేసున్న షిప్‌ని చూస్తూ నిలబడ్డారట, "గ్యాంగ్‌వే (షిప్ ఎక్కే వంతెన) కూడా ఇంకా తియ్యలేదే" అని పిన్ని ఇప్పటికీ అంటూనే ఉంది.

అందుకే రాస్తున్నాను. సన్‌స్క్రీన్ పెట్టుకోండి, చార్జర్ మర్చిపోకండి లాంటివి చెప్పను, అవి అందరికీ తెలుసు.

బ్యాగుల సంగతి

ఈ తప్పు ఎక్కువగా చేసేది కొత్తవాళ్ళు కాదు, నాలుగైదు క్రూజులు తిరిగినవాళ్ళే. ఎందుకంటే ఒకే షిప్‌లో రెండు ట్రిప్పులు వెంటవెంటనే చేస్తే సామాను క్యాబిన్‌లోనే ఉంటుంది, క్యాబిన్ మారినా స్టాఫే మోసుకెళ్ళి పెడతారు, మనం ఇన్-ట్రాన్సిట్ కార్డు (అదే షిప్‌లో కొనసాగుతున్నామని చెప్పే కార్డు) పట్టుకుని కాసేపు కిందికి దిగి మళ్ళీ ఎక్కుతాం. ఆ సుఖం అలవాటైపోయి షిప్ మారేటప్పుడు కూడా అలాగే ఉంటుందనుకుంటారు. ఉండదు. ఇది ఎయిర్‌పోర్టులో కనెక్టింగ్ ఫ్లైట్ లాంటిదీ కాదు, అక్కడైతే బ్యాగు ఒక విమానంలోంచి ఇంకో దాంట్లోకి వాళ్ళే వేస్తారు. ఇక్కడ మొదటి షిప్ లెక్కలో మీ ప్రయాణం ఆ పొద్దున్నతో అయిపోయింది, రెండో షిప్ లెక్కలో మీరింకా కౌంటర్ దగ్గరికే రాలేదు. మధ్యలో ఉన్న ఆ నాలుగైదు గంటలు మీరూ మీ బ్యాగూ ఎవరి బాధ్యతా కాదు.

రాత్రి తలుపు బయట పెట్టిన బ్యాగు ఏమవుతుందో చెప్తా. పది పదకొండు మధ్య వచ్చి తీసుకెళ్ళిపోతారు, పెద్ద ఇనప బోనుల్లో వేసి పొద్దున షిప్ ఆగాక దించుతారు, ట్యాగు రంగు బట్టో నంబర్ బట్టో హాల్లో వరసలుగా పెడతారు. మీ నంబర్ పిలిచాకే మీరు దిగాలి. మీ నంబర్ ఆఖర్లో ఉంటే తొమ్మిదిన్నర దాటుతుంది. అక్కడ మీ నల్ల సూట్‌కేసు లాంటివి ఇంకో రెండు వందలు ఉంటాయి, ఎవరో పొరపాటున మీది లాక్కుపోయారనుకోండి, మామూలు ప్యాసింజర్‌కైతే నాలుగు రోజులకి ఇంటికొస్తుంది, మీరు ఆ నాలుగు రోజులూ సముద్రం మధ్యలో ఉంటారు.

కాబట్టి బ్యాగు రాత్రి బయట పెట్టకండి. ఎవరి సామాను వాళ్ళే దొర్లించుకుంటూ దిగే పద్ధతి ఒకటుంటుంది, సెల్ఫ్ అసిస్ట్ అంటారు, వాక్-ఆఫ్ అని కూడా అంటారు. అందరికంటే ముందు దిగేది వాళ్ళే. ఇద్దరికి రెండు పెద్ద సూట్‌కేసులు, రెండు భుజం బ్యాగులు, అంతకు మించి తెచ్చుకోకండి, మోయగలిగినంతే మీ సామాను అనుకోండి.

నడుం నొప్పి, మోకాళ్ళు, ఎత్తలేం అంటారా? సరే. బట్టలున్న సూట్‌కేసు ఒక్కటే బయట పెట్టండి, మొదటి షిప్ ఇచ్చిన ట్యాగుతోనే పెట్టండి. రెండో షిప్ ట్యాగులు హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంచుకుని, హాల్లో సూట్‌కేసు చేతికొచ్చాక, పాత ట్యాగు చింపేసి, అప్పుడు కట్టండి. రెండు ట్యాగులున్న బ్యాగు ఏదో ఒక చోట ఆగిపోతుంది. పాస్‌పోర్ట్, వీసా కాగితాలు, మందులు, కళ్ళజోడు, డబ్బు, రెండో షిప్ బోర్డింగ్ పాస్ ప్రింటు, ఇవి ఆ సూట్‌కేసులో ఉండకూడదు. పొద్దున వేసుకునే చెప్పులు కూడా. నవ్వకండి, షిప్ వాళ్ళ స్లిప్పర్లతో దిగిన పెద్దాయన్ని నేనే చూశాను.

ఇంకో సంగతి. యూరప్, ఆసియా రూట్లలో చాలా షిప్పులు ఎక్కగానే పాస్‌పోర్టులు తీసుకుని వాళ్ళ దగ్గరే పెట్టుకుంటాయి. తిరిగి ఎప్పుడు, ఏ డెక్ మీద ఇస్తారో ఆఖరి రెండు రోజుల్లో కాగితం వస్తుంది, చదవండి.

రేవు ఒకటే, టెర్మినల్ ఒకటి కాకపోవచ్చు

టికెట్ మీద రెండు చోట్లా ఒకే ఊరి పేరుంది కదా అని నమ్మేయకండి. సింగపూర్‌లో మెరీనా బే క్రూజ్ సెంటర్ ఒకటి, హార్బర్‌ఫ్రంట్ దగ్గరది ఇంకోటి, రెండిటికీ మధ్య టాక్సీయో రైలో కావాల్సిందే. న్యూయార్క్ అంటే మాన్‌హాటన్ కావచ్చు, బ్రూక్లిన్ కావచ్చు, నది దాటి న్యూజెర్సీలో ఉన్న కేప్ లిబర్టీ కూడా కావచ్చు. సౌతాంప్టన్‌లో ఓషన్, క్వీన్ ఎలిజబెత్ 2 టెర్మినల్స్ తూర్పు డాక్స్‌లో, సిటీ, మేఫ్లవర్, హొరైజన్ పడమటి డాక్స్‌లో. వెనిస్ అయితే మరీను. 2021 ఆగస్టు 1 నుంచి పెద్ద షిప్పుల్ని ఊరి మధ్యలోని జుడెక్కా కాలువలోకి రానివ్వట్లేదు, 25,000 గ్రాస్ టన్నులు దాటితే బయటే. అందుకని బ్రోషర్‌లో వెనిస్ అని ఉన్న షిప్ మార్గేరాలో ఉండొచ్చు, ట్రియెస్టేలో ఉండొచ్చు, రెండు గంటల దూరంలో రవెన్నాలో కూడా ఉండొచ్చు. ఊరి పేరు కాదు, టెర్మినల్ పేరు, బెర్త్ (షిప్ కట్టేసే చోటు) నంబర్ చూడండి, బయల్దేరే ముందు ఒకసారి, దిగే ముందు రోజు ఇంకోసారి, ఎందుకంటే మారుస్తారు.

రెండు షిప్పులూ పక్కపక్కనే కట్టేసి ఉన్నా సరే, గట్టు మీద నడుచుకుంటూ ఇందులోంచి అందులోకి పోవడం కుదరదు. 2004 జూలైలో ఓడరేవుల భద్రతకి ఐఎస్‌పీఎస్ కోడ్ వచ్చింది, అప్పటినుంచి షిప్ పక్కన ఉండే గట్టంతా రక్షిత ప్రాంతం. కనిపించేది వంద అడుగులే అయినా మీరు హాల్లోంచి బయటికి, రోడ్డు మీదకి, చుట్టూ తిరిగి ఇంకో గేటుకి వెళ్ళాల్సిందే.

ఒక్కోసారి రేవే మారిపోతుంది. 2024 మార్చి 26న బాల్టిమోర్‌లో కంటైనర్ షిప్ గుద్ది ఫ్రాన్సిస్ స్కాట్ కీ బ్రిడ్జి కూలితే ఆ రేవు దారే మూసుకుపోయింది. అప్పటికి సముద్రంలో ఉన్న కార్నివాల్ లెజెండ్‌ని వర్జీనియాలోని నార్‌ఫోక్‌కి మళ్ళించి, జనాన్ని బస్సుల్లో బాల్టిమోర్ పంపారు. అంత పెద్ద సంఘటనే అక్కర్లేదు, చలికాలంలో అమెరికాలో గాల్వెస్టన్, టాంపా లాంటి చోట్ల పొగమంచు పడితే చాలు, రేవులోకి దారి చూపే పైలట్లు షిప్పుల్ని లోపలికి తీసుకురారు, గంటల తరబడి బయటే ఆపేస్తారు.

టైమ్ లెక్క

ఆరేడు గంటలకి షిప్ ఆగుతుంది, ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా దింపుతారు, రెండోది పదకొండు ప్రాంతంలో ఎక్కించుకుంటుంది. కాగితం మీద తీరిగ్గా కనిపిస్తుంది, నిజం చెప్పాలంటే బాగానే సరిపోతుంది కూడా, అంతా సవ్యంగా జరిగితే. కానీ షిప్ బయల్దేరే టైమ్‌ని చూసి ధైర్యం తెచ్చుకోకండి, చెక్-ఇన్ మూసే టైమ్ చూడండి. అమెరికా రేవుల నుంచి బయల్దేరే షిప్పులు ప్యాసింజర్ల వివరాలు కనీసం 60 నిమిషాల ముందు అక్కడి కస్టమ్స్ వాళ్ళకి పంపాలి, అందుకే గంట, గంటన్నర ముందే కౌంటర్ మూసేస్తారు. లిస్టు పోయాక మీ పేరు దాంట్లో చేర్చరు, ఎంత ఏడ్చినా అంతే.

షిప్ గడియారం, ఊరి గడియారం ఒకటి కాకపోవచ్చు. ఆఖరి రాత్రి ముల్లు మార్చారేమో అడగండి.

ఇక మిగతావి గుర్తొచ్చినట్టు చెప్పేస్తాను, వరసా గిరసా చూడకండి.

ముందు రోజు సాయంత్రం గెస్ట్ సర్వీసెస్‌లో "మీరు ఇన్-ట్రాన్సిటా?" అని అడిగితే కాదు అని చెప్పండి. రేపు ఇంకో షిప్ ఎక్కుతున్నాం, ముందు బ్యాచ్‌లో దింపండి అని చెప్పండి. మీరు ఔనన్నారంటే అదే షిప్‌లో ఉండిపోయేవాళ్ళతో కలిపి లాంజ్‌లో కూర్చోబెడతారు.

బిల్లు ఆ రాత్రే చూసుకోండి. పొద్దున క్యూ చాంతాడంత ఉంటుంది.

వీసా. షెంగెన్ దేశంలో (ఒకే వీసాతో తిరగనిచ్చే యూరప్ దేశాల్లో ఒకదాంట్లో) ఎక్కి టర్కీయో ట్యునీషియానో పోయి మళ్ళీ అదే రేవుకొస్తే అది రెండో ఎంట్రీ. సింగిల్ ఎంట్రీ వీసాతో అక్కడే ఆగిపోతారు, రెండో షిప్ మాట దేవుడెరుగు. మల్టిపుల్ తీసుకోండి. రెండు ట్రిప్పుల రోజులూ కలిపి లెక్కేసుకోండి, 180 రోజుల్లో 90 దాటకూడదు.

అమెరికా రూట్లలో ఒకే షిప్‌లో లాస్ ఏంజెలెస్ నుంచి వాంకూవర్, అక్కణ్ణించి అలాస్కాలో విట్టియర్ అని రెండు ట్రిప్పులు కలిపి కడితే 1886 నాటి చట్టం ఒకటి అడ్డొస్తుంది (విదేశీ షిప్ ఒక అమెరికా రేవులో ఎక్కించుకున్నవాళ్ళని ఇలా ఇంకో అమెరికా రేవులో దింపకూడదని), వాంకూవర్‌లో షిప్ మారితే రాదు. అందుకే కొందరు కావాలనే మారతారు. మీరూ అలా మారుతుంటే సరదాకి కూడా "అదే షిప్‌లో ఉండిపోతే పోలా" అని అడక్కండి.

షిప్‌లో పెట్టిన యాపిల్, అరటిపండు, శాండ్‌విచ్ బ్యాగులో వేసుకుని దిగకండి. అమెరికాలో, ఆస్ట్రేలియాలో జరిమానా వేస్తారు. జరిమానా సంగతి తర్వాత, పక్కకి లాగి నిలబెడితే టైమ్ పోయేది మీదే.

మొదటి షిప్‌లో కొన్న మందు సీసాలు (తాగేవి) రెండో షిప్ గేటు దగ్గర తీసుకుని ట్రిప్ ఆఖర్న ఇస్తారు, రసీదు అడగండి. మొదటిది ఒప్పుకున్న ఎక్స్‌టెన్షన్ బాక్సు రెండోది లాక్కోవచ్చు. ఇస్త్రీ పెట్టె అసలే వద్దు.

మందులు రెండు ట్రిప్పులకీ సరిపడా, పైన ఇంకో వారానికి. చేతి సంచిలో. సూట్‌కేసులో కాదు. బయట పెట్టే సూట్‌కేసులో అసలే కాదు.

వాంతులూ విరేచనాలూ ఉంటే రెండో షిప్ ఆరోగ్య ఫారంలో అబద్ధం రాయకండి. ఆఖరి మూడు రోజులు చేతులు సబ్బుతో కడగండి, నోరోవైరస్‌కి శానిటైజర్ అంతగా పని చెయ్యదు.

వీల్‌చెయిర్ సాయం టెర్మినల్ బయట దాకానే. అక్కణ్ణించి రెండో టెర్మినల్‌కి బండి మీరే మాట్లాడుకోవాలి, ముందే.

ఇన్సూరెన్స్ పేపర్లో "మిస్‌డ్ కనెక్షన్" అని ఉంటే సంబరపడకండి. మొదటి క్రూజ్ లేటైనందుకు ఇస్తారా, ఫ్లైట్ లేటైతేనే ఇస్తారా అని అడిగి, మెయిల్‌లో రాయించుకోండి.

రెండో షిప్ వాళ్ళకి ముందే ఫోన్ చేసి, ఫలానా షిప్‌లోంచి ఆ రోజే దిగుతున్నాం అని బుకింగ్‌లో నోట్ రాయించండి. మీ కోసం ఆగుతారని కాదు, ఆగరు. లేటైతే ఎవరికి ఫోన్ చెయ్యాలో ఆ నంబర్ దొరుకుతుంది. ఆ నంబర్ కాగితం మీద రాసుకోండి.

మధ్య గంటల్లో ఊరు చూడ్డానికి పోకండి. పోయినా రెండో టెర్మినల్‌లో పోర్టర్‌కి సూట్‌కేసులు అప్పగించి, రసీదో ట్యాగు ముక్కో తీసుకున్నాకే పోండి. పాస్‌పోర్ట్ ఆ సూట్‌కేసులో వేసేయకండి మళ్ళీ! ఇదీ అదే తప్పు, పొద్దున తప్పించుకుని పదకొండింటికి చేసినవాళ్ళున్నారు.

మొదటి షిప్ కార్డు, రెండో షిప్ కార్డు ఒకే పర్సులో పెట్టుకోకండి. చూడ్డానికి ఒకేలా ఉంటాయి.

రెండో షిప్ ఎక్కగానే మస్టర్ డ్రిల్ (ప్రమాదమొస్తే ఎక్కడ చేరాలో నేర్పే కసరత్తు) మళ్ళీ చెయ్యాలి. మొదటి షిప్‌లో చేసిందేగా అనకండి. లైఫ్‌బోట్ వేరు, మెట్లు వేరు, కలుసుకునే చోటు వేరు. 2012 జనవరి 13న ఇటలీ దగ్గర కోస్టా కాంకోర్డియా అనే క్రూజ్ షిప్ మునిగిన రాత్రి, ఆ రోజే రోమ్ దగ్గరి చివిటావెక్కియా రేవులో ఎక్కినవాళ్ళకి ఇంకా డ్రిల్ జరగలేదు, అప్పటి రూల్ 24 గంటల్లోపు చేస్తే చాలు. 2015 నుంచి షిప్ కదిలేలోపో, కదిలిన వెంటనేనో చెయ్యాలని మార్చారు. క్యాబిన్‌కి పోయే దారిలోనే మీ స్టేషన్‌కి వెళ్ళి కార్డు స్కాన్ చేయించుకోండి, పావుగంట పని.

ఆ ట్రిప్ ఆఖరి రాత్రి కూడా బ్యాగు బయట పెట్టకండి, ఆ తర్వాత ఇంకో షిప్ ఉంటే. లేకపోతే మీ ఇష్టం.